"పుస్తకాల్లో రెండు లక్షలే ఉంది": వైద్య పరికరాల విలువపై అపోహలు - వాస్తవాలు

గత నెలలో విశాఖ రామ్‌నగర్‌లో ఒక డాక్టరుగారి గదిలో కూర్చున్నాను. ఇద్దరు పార్ట్‌నర్లు విడిపోతున్నారు. ఆయన బ్యాలెన్స్ షీటు తెరిచి ఒక వరుస కింద వేలు పెట్టి, "మెషీన్లన్నీ కలిపి ఇంతే కదండీ, దీనికి మళ్లీ వాల్యుయేషన్ ఎందుకు?" అన్నారు. ఈ మాట నాకు కొత్త కాదు. మహారాణిపేట డయాగ్నొస్టిక్ సెంటర్ల నుంచి ఆరిలోవ హెల్త్ సిటీ దాకా, గాజువాక నుంచి అనకాపల్లి దాకా ఎక్కడికి వెళ్లినా ఇదే మాట. నేను పదకొండేళ్లు బయోమెడికల్ ఇంజినీరుగా మెషీన్లు విప్పి బిగించి, ఆ తర్వాత ఈ విలువ కట్టే పనిలోకి వచ్చాను. నా కళ్లముందు జనం డబ్బు ఎక్కువగా పోయింది ఈ ఒక్క పొరపాటు వల్లే. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: పుస్తకాల్లో ఉన్నదే మెషీన్ విలువ

28 లక్షలు పెట్టి కలర్ డాప్లర్ (రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే అల్ట్రాసౌండ్ మెషీన్) కొన్నారనుకోండి. ఆదాయపన్ను నిబంధనల్లో ప్రాణరక్షక పరికరాల జాబితా ఒకటి ఉంది. వెంటిలేటర్, ఎంఆర్‌ఐ, డీఫిబ్రిలేటర్‌తో పాటు కలర్ డాప్లర్ కూడా అందులో ఉంది. వీటి మీద ఏటా మిగిలిన విలువలో 40 శాతం తరుగుదల రాసుకోవచ్చు. మొదటి ఏడాది చివరికి 16 లక్షల 80 వేలు, రెండో ఏడాదికి 10 లక్షల 8 వేలు. అలా ఐదేళ్లు తిరిగేసరికి పుస్తకంలో మిగిలేది సుమారు 2 లక్షల 18 వేలు. అదే మెషీన్ ఒక కంపెనీ పేరు మీద ఉంటే కంపెనీల చట్టం రెండో షెడ్యూల్ దాని ఆయుష్షు 13 ఏళ్లంటుంది. చివర 5 శాతం మిగిలేలా ఏటా సమానంగా తీసుకుంటూ పోతే అదే ఐదేళ్లకు 17 లక్షల 77 వేలుంటుంది. ఒకే గదిలో ఉన్న ఒకే మెషీన్‌కు రెండు పుస్తకాల్లో ఇంత తేడా. రెండు లెక్కలూ చట్టప్రకారం సరైనవే. కానీ ఆ మెషీన్ ముందు ఒక్కసారైనా నిలబడి కట్టిన లెక్క రెండిట్లో ఏదీ కాదు. మొదటిది పన్ను కోసం, రెండోది ఖాతాల కోసం. మీ ఆడిటరుగారి తప్పేమీ లేదు. ఆయన్ని అడిగింది వేరే ప్రశ్న, అంతే.

గోపాలపట్నం వైపు స్కానింగ్ సెంటర్ నడిపిన ఒక డాక్టరుగారు హఠాత్తుగా పోయారు. ఆయన భార్య నాకు ఫోన్ చేశారు. "బాబూ, అల్ట్రాసౌండ్ మెషీన్‌కు ఒకతను మూడు లక్షలిస్తాను, రేపే బండి తెచ్చి పట్టుకుపోతానంటున్నాడు. పుస్తకాల్లో రెండే ఉందట. ఇచ్చేయమంటావా?" అన్నారు. గొంతులో భయం తెలుస్తూనే ఉంది. ఒకవైపు గది అద్దె, మరోవైపు లోన్ వాయిదాలు. "రెండు రోజులు ఆగండమ్మా, నేను వచ్చి చూస్తాను" అన్నాను.

వెళ్లి చూస్తే మెషీన్ మీద గుడ్డ కప్పి ఉంది. డాక్టరుగారు బతికున్నప్పుడు కప్పినట్టే రోజూ సాయంత్రం ఆవిడే కప్పుతున్నారట. ముందుగా వెనకవైపు ప్లేటు మీద మోడల్, సీరియల్ నంబరు, తయారైన సంవత్సరం రాసుకున్నాను. తర్వాత ప్రోబ్‌లు, అంటే రోగి ఒంటికి ఆనించే చేతి పరికరాలు. అల్ట్రాసౌండ్ మెషీన్ ధరలో పెద్ద వాటా ప్రోబ్‌లదే, కొనేవాడు మొదట మోసపోయేదీ అక్కడే. జెల్ తుడిచేసి, ఒక పేపర్ క్లిప్పును తిన్నగా వంచి ప్రోబ్ ముఖం మీద ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా జరుపుతాను. తెర మీద ఒక వెలుగు గీత క్లిప్పు వెంటే నడుస్తుంది. లోపల శబ్దతరంగాలు పంపే ఎలిమెంట్ చచ్చిపోయిన చోట ఆ గీత మసకబారిపోతుంది. ఆ రోజు కాన్వెక్స్ ప్రోబ్, లీనియర్ ప్రోబ్ రెండూ బాగున్నాయి. టీవీఎస్ ప్రోబ్‌లో (గర్భాశయాన్ని లోపలి నుంచి చూసేది) మాత్రం రెండుచోట్ల గీత పోయింది. అది అలాగే రిపోర్టులో రాశాను. ఆ పైన సర్వీసు రిపోర్టులు, సాఫ్ట్‌వేర్ వెర్షన్, కంపెనీ ఇంకా విడిభాగాలు ఇస్తోందా లేదా, అదే తరహా మెషీన్లు ఈమధ్య ఎంతకు చేతులు మారాయి, ఇవన్నీ కలిపి చూసి 10 లక్షల 50 వేలు కట్టాను. చివరికి 9 లక్షల 80 వేలకు అమ్ముడుపోయింది. పుస్తకంలో అంకె నమ్మి మూడు లక్షలకు ఇచ్చేసి ఉంటే ఆవిడకు ఎంత నష్టమో చూడండి.

ఇందులో ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఆ మూడు లక్షల మనిషికి పీసీపీఎన్‌డీటీ, అంటే గర్భంలో లింగ నిర్ధారణను అడ్డుకునే చట్టం కింద రిజిస్ట్రేషన్ లేదు. ఆ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు అల్ట్రాసౌండ్ మెషీన్ అమ్మడం నేరం. మీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను మెషీన్‌తో పాటు పేరు మార్చి ఇచ్చేయడానికీ కుదరదు. సెంటర్ మూసేస్తే దాన్ని తిరిగి అప్పగించాలి. డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) ఆఫీసులో కాగితం పడకుండా మెషీన్ గుమ్మం దాటకూడదు. సీటీ, ఎక్స్‌రేలకైతే అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతులు, ఆ బోర్డు వెబ్‌సైట్ ఈలోరా పోర్టల్‌లో వివరాలు, క్యూఏ (నాణ్యత పరీక్ష) రిపోర్టు చూస్తాం. కాగితాలు సరిగా లేకపోతే చట్టప్రకారం కొనగలిగేవాడు వెనక్కి పోతాడు. వాడు వెనక్కి పోతే మెషీన్ ఎంత బాగున్నా విలువ పడిపోతుంది.

అమ్మడంలోనే కాదు, ఇన్సూరెన్సులోనూ పుస్తకం అంకె ఇంతకింతా ముంచుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నేను బీచ్‌కు దగ్గర్లో ఒక ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. అద్దాలు పగిలి వాన అడ్డంగా గదుల్లోకి కొట్టింది. తెల్లారి చూస్తే సీ-ఆర్మ్ (ఆపరేషన్ చేస్తూ వాడే ఎక్స్‌రే మెషీన్) మానిటర్ వెనక నుంచి ఉప్పునీళ్లు కారుతున్నాయి. మెషీన్లన్నీ కొత్తగా కొనాలంటే కోటి రూపాయలు. పాలసీ రాసింది 20 లక్షలకు, ఎందుకంటే బ్యాలెన్స్ షీటులో ఉన్న అంకె అదే. నష్టం 30 లక్షలు తేలింది. 30 లక్షల నష్టానికి 20 లక్షల పాలసీ మొత్తం వస్తుందనుకుని అందరం ధైర్యంగా ఉన్నాం. వచ్చింది 6 లక్షల లోపు. కోటి విలువకు 20 లక్షలే బీమా ఉంది, అంటే అయిదో వంతు. కాబట్టి నష్టంలోనూ అయిదో వంతే ఇచ్చారు. యావరేజ్ క్లాజ్ అంటే అదే. ఎలక్ట్రానిక్ పరికరాల పాలసీలో రాయాల్సింది అలాంటి మెషీన్ ఈరోజు కొత్తది తెచ్చి బిగించడానికయ్యే మొత్తం ఖర్చు. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్ష (చిన్న వ్యాపారాల ఆస్తి బీమా) లాంటి పాలసీల్లో 15 శాతం దాకా తక్కువ రాసినా పట్టించుకోరు. పుస్తకం అంకె పెడితే తేడా 15 శాతంతో ఆగదు కదా.

కొత్తదాని ధర కూడా మారుతుంటుంది. ఆస్పత్రి సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి మెషీన్ మీద కట్టిన జీఎస్టీ చాలావరకు వెనక్కి రాదు, ఖరీదులో కలిసిపోతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా వైద్య పరికరాల మీద అది 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకుముందు తీసుకున్న రిపోర్టు మీ దగ్గరుంటే మళ్లీ చూపించుకోండి.

అపోహ: విలువ కట్టిస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు వస్తారు

రారు. విలువ కట్టించినంత మాత్రాన పన్ను పుట్టదు. అమ్మితే వచ్చిన డబ్బుకు లెక్క ఉంటుంది, అది మీ ఆడిటరు చూసుకుంటారు. ఈ పుకారు ఎక్కడ మొదలైందో గానీ, దీన్ని నమ్మి టెన్షన్ పడి నిద్ర మానుకున్నవాళ్లను చూశాను. దయచేసి ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి.

అపోహ: డీలర్ ఫ్రీగా చెప్తున్నాడుగా, కంపెనీ ఎక్స్ఛేంజ్ ధర ఉందిగా

కొనేవాడు చెప్పేది బేరం. దాన్ని విలువ అనకండి. ఎక్స్ఛేంజ్ ధర అంటే కొత్త మెషీన్ మీద ఇచ్చే తగ్గింపుకు ఇంకో పేరు. కంపెనీల చట్టం, దివాలా చట్టం కింద పనికైతే ఐబీబీఐ (కేంద్ర దివాలా బోర్డు) దగ్గర ప్లాంట్ అండ్ మెషినరీ తరగతిలో నమోదైన వాల్యూయర్ రిపోర్టు కావాలి. పేరు ఐబీబీఐ వెబ్‌సైట్‌లో వెతికి చూసుకోవచ్చు. భూములు, భవనాల తరగతిలో నమోదైనాయన మీ సీటీకి ఆ హోదాలో రిపోర్టు ఇవ్వలేరు. బ్యాంకు పనికైతే ముందు ఆ బ్యాంకు ప్యానెల్, అంటే వాళ్లు ఒప్పుకున్న వాల్యూయర్ల జాబితా అడగండి. "ఎంత ఎక్కువ కడితే నా ఫీజు అంత ఎక్కువ" అనేవాళ్లుంటే నమస్కారం పెట్టి పంపేయండి. ఫలితాన్ని బట్టి ఫీజు తీసుకోవడం మా ప్రవర్తనా నియమావళికే విరుద్ధం.

అపోహ: ఫోటోలు వాట్సాప్ చేస్తే చాలు

ఫోటోలో ట్యూబ్ కనిపిస్తుందా? సీటీలో ఎక్స్‌రే ట్యూబ్ అరిగిపోయే వస్తువు. ఎన్ని స్కాన్ సెకన్లు తిరిగిందో మెషీన్ లోపలి లెక్కలోనే ఉంటుంది. బయట తళతళలాడే సీటీకి ట్యూబ్ చివరి దశలో ఉండొచ్చు, రంగు వెలిసినదానికి ఆర్నెల్ల కిందటే కొత్త ట్యూబ్ పడి ఉండొచ్చు. ఇక మన ఊరి ఉప్పుగాలి. ఏసీ సరిగా లేని గదిలో ప్యానెల్ విప్పితే కనెక్టర్ల మీద పచ్చటి తుప్పు కనిపిస్తుంది. అది ఏ ఫోటోలోనూ రాదు.

"ఒకసారి చేయిస్తే పదేళ్లు పనికొస్తుంది" అనేది కూడా కుదరదు. రిపోర్టు ఏ తేదీకి, ఏ అవసరానికి రాశామో దానికే చెల్లుతుంది. తీరిగ్గా అమ్మితే వచ్చే ధర వేరు, నెలలోపు బలవంతంగా అమ్మితే వచ్చేది వేరు. పార్ట్‌నర్ల పంపకంలో రెండోది పట్టుకొచ్చి బేరం పెట్టేవాళ్లుంటారు, జాగ్రత్త.

అపోహ: మూసేసిన ఆస్పత్రిలో మెషీన్ ఎక్కడికీ పోదు, నెమ్మదిగా చూద్దాం

ఎంఆర్‌ఐ ఉంటే మాత్రం నెమ్మది పనికిరాదు. సూపర్ కండక్టింగ్ మ్యాగ్నెట్ ద్రవ హీలియంలో, మైనస్ 269 డిగ్రీల చలిలో ఉంటుంది. స్కాన్‌లు ఆపేసినా దాన్ని చల్లగా ఉంచే కోల్డ్ హెడ్, కంప్రెసర్, చిల్లర్ రాత్రీపగలూ తిరుగుతూనే ఉండాలి. అవి ఆగితే హీలియం ఆవిరైపోతూ ఉంటుంది, చివరికి మ్యాగ్నెట్ క్వెంచ్ అవుతుంది, అంటే దాని అయస్కాంత శక్తి ఒక్కసారిగా పోతుంది. మళ్లీ చల్లబరిచి, విదేశాల నుంచి వచ్చే హీలియం నింపి, ఫీల్డ్ ఎక్కించాలంటే అయ్యే ఖర్చుకు పాత మెషీన్ కొనేవాడెవడూ ముందుకు రాడు.

ఒకచోట ఆస్పత్రి మూతపడింది. బిల్లు కట్టలేదని కరెంటు తీసేశారు. ఎవరికి వారు కోర్టు కాగితాల్లో ఉన్నారు. నన్ను పిలిచేటప్పటికి ఏడు నెలలయింది. గది తలుపు తీయగానే నిశ్శబ్దం. ఎంఆర్‌ఐ గదిలో ఎప్పుడూ పిచ్చుక కూసినట్టు లయగా వినిపించే కోల్డ్ హెడ్ చప్పుడు లేదు. హీలియం మీటరు చూడకముందే నాకు తెలిసిపోయింది. రాగి, ఇనుము లెక్క కట్టి వచ్చేశాను. ఆస్పత్రి యజమాని మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, ఆయనకేం చెప్పాలో తోచలేదు.

మొన్న ఇంకోచోట బ్యాంకు మేనేజర్ సీలు వేయడానికి ముందే ఫోన్ చేశారు. "సార్, ఏది ఆపినా ఎంఆర్‌ఐ లైను మాత్రం ఆపకండి. చిల్లర్ చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టండి, రోజూ హీలియం శాతం రాసి నాకు పంపమనండి" అని చెప్పాను. కరెంటు ఖర్చుకు పైవాళ్లను ఒప్పించడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది. ఇప్పుడు రోజూ ఉదయం ఎనిమిదింటికి వాచ్‌మన్ దగ్గర నుంచి ఒక ఫోటో వస్తుంది. ఈరోజు కూడా అదే 71 శాతం.