ఎలక్ట్రిక్ సైకిల్: అపోహలు, వాస్తవాలు, కొన్ని చిరాకులు

ఎలక్ట్రిక్ సైకిళ్లు రిపేరు చేయడం నా పని. కొనబోయే వాళ్ల టెన్షన్ అంతా మోటార్ మీదే ఉంటుంది, కాలిపోతుందేమో, తడిస్తే ఆగిపోతుందేమో అని. నా దగ్గరికి వచ్చే వాటిలో మోటార్ నిజంగా పోయినవి తక్కువ. అరిగిపోయిన బ్రేకు ప్యాడ్లు, సాగిన చైన్లు, తెగిన స్పోకులు, నెలల తరబడి మూలన పడేస్తే చచ్చిపోయిన బ్యాటరీలు, వీటితోనే రోజు గడిచిపోతుంది. అంటే జనం భయపడేది ఒకదానికి, డబ్బు పోగొట్టుకునేది ఇంకోదానికి. ఎక్కువగా వినపడే మాటలు ఒక్కొక్కటే తీసుకుందాం.

అపోహ: ఒక్క చార్జింగ్‌తో 80 కిలోమీటర్లు అని రాశారు కాబట్టి 80 వస్తాయి

రావు. తేలికపాటి మనిషి, చదునైన రోడ్డు, ఎదురుగాలి లేదు, టైర్లలో గాలి నిండుగా ఉంది, అసిస్ట్ (తొక్కేటప్పుడు మోటార్ ఇచ్చే సాయం) అన్నిటికంటే తక్కువలో పెట్టారు, తొక్కే పని చాలావరకు కాళ్లే చేశాయి. ఇవన్నీ కలిసొస్తే ఆ అంకె రావచ్చు కాబట్టి అబద్ధం అనలేం, కానీ మీరు రోజూ తిరిగేది అలా ఉండదు.

కిలోమీటర్ల మాట వదిలేసి బ్యాటరీ మీద రెండు అంకెలు వెతకండి, వోల్టులు, ఆంపియర్ అవర్లు. రెండూ గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి, మీరు డబ్బు పెట్టి కొనే అసలు సరుకు అదే. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు అంటే 360 వాట్ అవర్లు. బాగా తొక్కుతూ మధ్యస్తంగా అసిస్ట్ వాడితే కిలోమీటరుకు సుమారు 8 నుంచి 12 వాట్ అవర్లు ఖర్చవుతాయి. పెడల్ మీద కాళ్లు ఊరికే పెట్టుకుని థ్రాటిల్ (తొక్కకుండానే మోటార్‌తో నడిపే యాక్సిలరేటర్) మీదే పోతే 15 నుంచి 20 దాకా లాగుతుంది. అంటే అదే బ్యాటరీ ఒకరికి 35 కిలోమీటర్లు ఇస్తుంది, ఇంకొకరికి 20 దగ్గరే చేతులెత్తేస్తుంది, ఇద్దరూ చెప్పేది నిజమే. వేగం కూడా బాగా తినేస్తుంది. గంటకు 20 నుంచి 25 కిలోమీటర్లకు పెంచితే చాలు, గాలిని తోసుకుంటూ పోవడానికి కిలోమీటరుకు అయ్యే ఖర్చు ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది.

రోజూ వెళ్లి వచ్చే దూరానికి కనీసం ఒకటిన్నర రెట్లు సరిపోయే బ్యాటరీ తీసుకోండి. కొత్తలో అది ఎక్కువే అనిపిస్తుంది, మూడేళ్లు వాడాక సరిగ్గా సరిపోతుంది.

అపోహ: వాట్లు ఎక్కువుంటే మంచి సైకిల్

250 వాట్లు అని రాసి ఉన్న రెండు సైకిళ్లు పక్కపక్కన తొక్కి చూడండి, ఒకటి ఎత్తు ఇట్టే ఎక్కేస్తుంది, రెండోది మూలుగుతుంది. ఎందుకంటే ఆ 250 అనేది మోటార్ వేడెక్కిపోకుండా చాలాసేపు ఇవ్వగలిగే శక్తి. ఎక్కేటప్పుడు కాసేపు దానికి రెట్టింపు కూడా ఇవ్వగలదు. ఎంత ఇవ్వాలో తేల్చేది కంట్రోలర్. 36 వోల్టుల సైకిల్లో 15 ఆంపియర్ల కంట్రోలర్ ఉంటే బ్యాటరీ నుంచి 540 వాట్ల దాకా లాగగలదు, స్టిక్కర్ మీద మాత్రం 250 అనే ఉంటుంది. ఐరోపా సమాఖ్య రూల్స్‌లో 250 వాట్లు, 25 కిలోమీటర్ల వేగం దాటితే అసిస్ట్ ఆగిపోవడం అనే హద్దు ఉంది, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 750 వాట్ల దాకా సైకిల్‌గానే చూస్తారు. స్టిక్కర్ మీద పడే అంకె చాలాసార్లు ఈ హద్దులను బట్టి పడుతుంది.

అసలు ఎంత కావాలో చిన్న లెక్క వేద్దాం. మనిషి, సైకిల్ కలిపి 100 కిలోలు, వంద మీటర్లకు 5 మీటర్లు లేచే ఎత్తు, గంటకు 15 కిలోమీటర్ల వేగం. బరువును పైకి లాగడానికే దాదాపు 200 వాట్లు కావాలి. మామూలు మనిషి కాళ్లు నిలకడగా ఇచ్చేది 75 నుంచి 100 వాట్లు. ఇక్కడ 250 వాట్ల మోటార్‌కి మీ కాళ్లు తోడైతే హాయిగా ఎక్కొచ్చు. ఎత్తు రెట్టింపయితే లెక్క కూడా రెట్టింపవుతుంది, అప్పుడు వేగం పడిపోతుంది, చక్రంలో ఉండే హబ్ మోటార్‌కి అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. చక్రం నెమ్మదిగా తిరిగే కొద్దీ లోపలికి పోయే కరెంటులో ఎక్కువ భాగం వేడిగా మారుతుంది. పెడల్ దగ్గర ఉండే మిడ్ డ్రైవ్ మోటార్ మీ గేర్ల మీదుగా పని చేస్తుంది కాబట్టి గేరు తగ్గించుకుంటే దానికి సులువు. నిటారు ఎత్తులు రోజూ ఎక్కేవాళ్లకి మిడ్ డ్రైవ్, మిగతావాళ్లకి హబ్ చాలు. హబ్ చవక, రిపేరు కూడా సులువు. హబ్ ఉన్నవాళ్లు ఎత్తు మీద మోటార్‌నే లాగమని వదిలేయకుండా తొక్కండి, అంతే.

వాట్ల కంటే నేను ముందు అడిగేది సెన్సర్ ఏదని. చవక సైకిళ్లలో పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే సెన్సర్ ఉంటుంది. తిప్పగానే ఒక క్షణం ఆగి ఒక్క ఊపున తోస్తుంది, ఆపాక కూడా కాస్త తోస్తూనే ఉంటుంది, ఇరుకు సందుల్లో ఇది చిరాకు. టార్క్ సెన్సర్ ఉంటే మీరు ఎంత గట్టిగా తొక్కితే అంత సాయం వస్తుంది, సైకిల్ తొక్కినట్టే ఉంటుంది. డబ్బు కాస్త ఎక్కువ పెట్టగలిగితే ఇక్కడ పెట్టండి.

అపోహ: బ్యాటరీ పూర్తిగా అయిపోయాకే చార్జింగ్ పెట్టాలి

ఇది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి సలహా. వాటికి సగంలో చార్జింగ్ పెడితే ఆ సగాన్నే గుర్తుపెట్టుకునే జబ్బు ఉండేది. మీ సైకిల్లో ఉన్నది లిథియం బ్యాటరీ అయితే సంగతి పూర్తిగా తిరగబడుతుంది, అడుగంటా వాడటమే దానికి కష్టం. ఇంకో భయం ఏమిటంటే ప్లగ్ పెట్టిన ప్రతిసారీ బ్యాటరీ ఆయుష్షులో ఒక పూర్తి చార్జింగ్ లెక్క తగ్గిపోతుందని. తగ్గదు. రెండుసార్లు సగం సగం వాడితే కలిపి ఒకటిగా లెక్క.

బ్యాటరీని నిజంగా ముసలిదాన్ని చేసేవి రెండు, వేడి, నిండుగా చార్జ్ చేసి ఊరికే ఉంచేయడం. ఆ రెండూ కలిస్తే ఇంకా త్వరగా పోతుంది. ఎండలో నిలబెట్టిన సైకిల్లో నూరు శాతం చార్జింగ్‌తో ఉన్న బ్యాటరీ అలాంటిదే. రోజువారీ తిరగడానికి 80 శాతం దగ్గర తీసేస్తే మంచిదే, కానీ దాన్ని వ్రతంలా పట్టుకోకండి, రేపు దూరం వెళ్లాలంటే ఈ రాత్రి నిండుగా పెట్టుకోండి, ఏం కాదు. పైగా అప్పుడప్పుడు నిండుగా పెట్టడం అవసరం కూడా. 36 వోల్టుల బ్యాటరీలో సాధారణంగా పది సెల్ గ్రూపులు వరసగా ఉంటాయి. పది మంది చేతులు పట్టుకుని నడుస్తున్నట్టు, ఒకరు కూలబడితే అందరూ ఆగాల్సిందే. ఆ పదింటినీ సమం చేసే పని లోపల ఉండే బీఎంఎస్ బోర్డుది (బ్యాటరీని కాపాడే సర్క్యూట్ అది), చాలా బోర్డులు ఆ పని చార్జింగ్ చివర్లోనే చేస్తాయి. ఎప్పుడూ 80 దగ్గరే ఆపేస్తే దానికి అవకాశమే రాదు. నెలకో రెండు నెలలకో ఒకసారి నిండుగా పెట్టి, చార్జర్ లైటు మారాక కూడా కాసేపు ఉంచండి.

మల్టీమీటర్ ఉంటే నిండుగా చార్జ్ అయిన వెంటనే కొలవండి. 36 వోల్టుల బ్యాటరీ 42 దగ్గర, 48 వోల్టులది 54.6 దగ్గర చూపించాలి. బాగా తక్కువ చూపిస్తూ చార్జర్ మాత్రం అయిపోయిందంటే లోపల ఏదో గ్రూపు తేడాగా ఉన్నట్టు.

ఇక బ్యాటరీల చావుకి ఎక్కువగా కారణం ఇది: చార్జింగ్ అయిపోయిన బ్యాటరీని అలాగే వదిలేసి నెలల తర్వాత తీయడం. వాడకపోయినా బీఎంఎస్ కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది, సెల్ వోల్టులు మరీ కిందికి జారి అక్కడే ఉండిపోతే లోపల రాగి కరగడం మొదలై, ఆ తర్వాత చార్జింగ్ పెట్టడమే ప్రమాదం అవుతుంది. కొన్నాళ్లు తొక్కననుకుంటే సగం చార్జింగ్‌తో చల్లని చోట పెట్టి, రెండు నెలలకోసారి చూడండి. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్న బ్యాటరీకి చార్జింగ్ పెట్టకూడదు, ముందు గది వేడికి రానివ్వండి.

అపోహ: పిన్ను సరిపోతే ఏ చార్జర్ అయినా ఒకటే

దీని గురించి కోపంగానే రాస్తాను. 42 వోల్టుల చార్జర్‌కి, 54.6 వోల్టుల చార్జర్‌కి అచ్చం ఒకే పిన్ను ఉండొచ్చు. పెద్దది తెచ్చి చిన్న బ్యాటరీకి పెడితే మధ్యలో అడ్డుగా ఉన్నది బీఎంఎస్ ఒక్కటే, అది పాడై ఉంటే ఇక ఏమీ లేదు. లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ బ్యాటరీల చార్జర్ కూడా వేరు, ఆ సెల్ 3.65 వోల్టులకే నిండిపోతుంది, మామూలు లిథియం అయాన్ సెల్ 4.2 దాకా వెళ్తుంది. చార్జర్ వెనక రాసిన అవుట్‌పుట్ వోల్టులు చదవకుండా గుచ్చకండి.

"ఎలక్ట్రిక్ సైకిల్ అంటేనే పేలుతుంది" అనేవాళ్లకీ, "అవన్నీ పుకార్లు" అనేవాళ్లకీ కలిపి ఒక మాట. మంటలు నిజమే. అవి ఎక్కడి నుంచి వస్తాయంటే తప్పుడు చార్జర్లు, కింద పడి సొట్టపోయిన బ్యాటరీలు, నీళ్లు దూరినవి, పాత ల్యాప్‌టాప్ సెల్స్ ఏరి అతికించిన ప్యాకులు. న్యూయార్క్ నగరంలో ఇలాంటి అగ్నిప్రమాదాలు పెరగడంతో 2023 నుంచి గుర్తింపు పొందిన ప్రమాణాలకు సరిపోయే సైకిళ్లనే అమ్మాలని చట్టం తెచ్చారు. సైకిల్ విద్యుత్ వ్యవస్థ మొత్తానికి యూఎల్ 2849, బ్యాటరీకి యూఎల్ 2271 అన్నవి ఆ ప్రమాణాలు, ఐరోపాలో ఈఎన్ 15194. కొనేటప్పుడు లేబుల్ మీద ఇలాంటిది ఏదైనా ఉందా అని చూడండి. బ్యాటరీ ఉబ్బినా, తియ్యటి ఘాటు వాసన వచ్చినా, చార్జింగ్‌లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా వాడకం ఆపేయండి. గదిలోంచి బయటపడే ఒకే ఒక్క దారిలో, తలుపు పక్కన చార్జింగ్ పెట్టే అలవాటు మాత్రం ఈ రోజే మానండి.

వాన, కడగడం, బ్రేకు వేస్తే చార్జింగ్

వానలో తొక్కొచ్చు. చాలా సైకిళ్లు చిమ్మే నీళ్లకు తట్టుకునేలా చేస్తారు, ఐపీఎక్స్4 అంటే అదే. కానీ ప్రెషర్ పంపుతో కడిగితే బేరింగుల్లోకి, కనెక్టర్లలోకి నీళ్లు దూరతాయి, మోటార్ మునిగేంత నీళ్లలోంచి పోతే హబ్‌లోకి వెళ్తాయి. బ్యాటరీ తీసి, తడి గుడ్డతో తుడిస్తే చాలు, తడి ఆరాకే చార్జింగ్.

బ్రేకు వేసినప్పుడల్లా చార్జ్ అవుతుందని చెప్పి అమ్మితే నమ్మే ముందు మోటార్ ఏ రకమో అడగండి. మోటార్ లోపలే గేర్లున్న హబ్‌లో, మిడ్ డ్రైవ్‌లో మోటార్‌కీ చక్రానికీ మధ్య ఒకవైపే పట్టే క్లచ్ ఉంటుంది కాబట్టి మామూలుగా అది జరగదు. గేర్లు లేని డైరెక్ట్ డ్రైవ్ హబ్‌లో జరుగుతుంది, అయినా సైకిల్ బరువుకి, వేగానికి తిరిగొచ్చేది కొద్దిగానే.

అపోహ: కరెంటుతో నడుస్తుంది, మెయింటెనెన్స్ ఏముంటుంది?

మామూలు సైకిల్ కంటే ఎక్కువే ఉంటుంది. ఈ సైకిళ్లు చాలావరకు 20 నుంచి 28 కిలోలు తూగుతాయి, సగటున వేగం కూడా ఎక్కువ, ఆ రెండింటినీ ఆపాల్సింది అదే చిన్న బ్రేకు ప్యాడు. ప్యాడులో మందం ఒక మిల్లీమీటరు దగ్గరికి వచ్చిందంటే మార్చేయండి, ఇనుము గీసుకునే చప్పుడు వచ్చేదాకా ఆగితే డిస్కు కూడా పోతుంది. మిడ్ డ్రైవ్ ఉన్నవాళ్లకి చైన్ మీద మీ కాళ్లతో పాటు మోటార్ బలం కూడా పడుతుంది. చైన్ గేజ్ చిన్న పనిముట్టు, కొనుక్కోండి, 0.5 (అంటే అర శాతం సాగినట్టు) చూపించినప్పుడు చైన్ మార్చితే చైన్‌తో పోతుంది, వదిలేస్తే పళ్ల చక్రాలు కూడా మార్చాలి. గేరు మార్చేటప్పుడు ఒక్క క్షణం తొక్కడం తేలిక చేయండి, ఆగబోయే ముందే కింది గేరుకి రండి.

హబ్ మోటార్ చక్రంలో స్పోకులే బలహీనం. కొత్త సైకిల్ కొన్ని వారాలు తిరిగాక స్పోకులు సర్దుకుని వదులవుతాయి, అప్పుడు ఒకసారి బిగించి బెండు తీయిస్తే చాలాకాలం ఉంటుంది. ఒకటి తెగిందని అలాగే తొక్కితే దాని బరువు పక్కవాటి మీద పడి వరసగా తెగుతాయి. ఇరుసు నట్లు కూడా చూడండి, మోటార్ చక్రాన్ని ముందుకు తిప్పే కొద్దీ ఇరుసుని వెనక్కి మెలిపెడుతుంది, నట్టు వదులైతే ఇరుసు ఫ్రేములో గిర్రున తిరిగి వైరు తెంపేస్తుంది. టైర్లలో గాలి వారానికోసారి. ఇంత చెప్పినా ఎవరూ చేయని పని ఇదే.

డిస్‌ప్లే వెలుగుతోంది, మోటార్ కదలదు అని కంగారుగా వచ్చేవాళ్లకి నేను ముందు చూసేది బ్రేకు లివర్. దాంట్లో మోటార్‌ని ఆపే స్విచ్ ఉంటుంది, లివర్ పూర్తిగా వెనక్కి రాకపోతే బ్రేకు వేసే ఉందనుకుని కంట్రోలర్ కరెంటు ఇవ్వదు. రెండోది ఇరుసు దగ్గరి కనెక్టర్, దాని మీద ఉండే బాణం గుర్తులు ఎదురెదురుగా పెట్టి నేరుగా నొక్కాలి, మెలితిప్పితే లోపలి పిన్నులు వంగుతాయి. థ్రాటిల్‌తో పోతోంది, తొక్కితే మాత్రం సాయం రావట్లేదంటే పెడల్ దగ్గరి అయస్కాంతాల రింగు జరిగి ఉంటుంది. ఈ మూడూ చూసుకోకుండా మోటార్ మార్చమని ఎవరైనా అంటే ఇంకొకరికి చూపించండి.

ఇది తొక్కితే వ్యాయామం కాదనేవాళ్లకి పెద్దగా చెప్పేదేమీ లేదు. అసిస్ట్ తక్కువలో పెట్టి ఒక ఎత్తు ఎక్కి చూడండి, ఊపిరే చెప్తుంది. థ్రాటిల్ మీదే తిరిగితే మాత్రం వాళ్లన్నది నిజం.

పాతది కొంటున్నారా? మీటర్లో కిలోమీటర్లు చూసి మోసపోకండి, బ్యాటరీ లేబుల్ మీద తయారీ తేదీ చూడండి, ఆ బ్యాటరీ మోడల్ ఇప్పటికీ దొరుకుతోందో లేదో ముందే కనుక్కోండి, ఫ్రేములో ఇమిడిపోయే ఆకారాలు కంపెనీ ఆపేస్తే ఇక దొరకవు. మోటార్ ఆపేసి కాస్త దూరం తొక్కండి. తర్వాత నిండుగా చార్జ్ చేయించి ఒక మంచి ఎత్తు ఎక్కండి. ఎక్కేటప్పుడు డిస్‌ప్లే మీద బ్యాటరీ గీతల్లో ఒకటి పడి మళ్లీ లేస్తే మామూలే, సగానికి సగం పడిపోతే లేక సైకిలే ఆగిపోతే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తీసేసి బేరం ఆడండి.