మానేసినోళ్ళ పేరుతో వెనక్కొచ్చే మెయిల్స్: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో చిన్నా చితకా ఆఫీసులకి మెయిల్ సెటప్పులు చూసుకోవడం నా పని. నెలకో సారైనా ఇదే ఫోన్ వస్తది. ఎండీ గారు స్టాఫ్‌కి మీటింగ్ ఇన్వైట్ పంపుతారు, ఆర్నెల్ల కింద మానేసిన పీఏ పేరుతో "డెలివర్ కాలేదు" అని వెనక్కొస్తది, ఆయన నాకు ఫోన్ చేసి "నేను ఆ అమ్మాయికి పంపనే లేదు కదయ్యా, మన మెయిల్ ఎవడన్నా హ్యాక్ చేశాడా?" అంటారు. హ్యాకూ లేదు ఏమీ లేదు సార్.

అపోహ: అకౌంట్ డిలీట్ చేశాం కదా, ఇంక ఆ పేరు ఎక్కడా ఉండదు

అసలు గొడవ మొదలయ్యేదే డిలీట్ చేశాక. మానేసిన మనిషి మెయిల్‌బాక్స్ పోతది కానీ ఆ అడ్రస్ మిగతావాళ్ళ సెట్టింగుల్లో అలాగే కూర్చుని ఉంటది. అందుకే పోయినోళ్ళ అకౌంట్‌లో ఎంత వెతికినా ఏమీ దొరకదు, ఉన్నోళ్ళ మెయిల్‌బాక్సుల్లో వెతకాలి.

పైన చెప్పిన ఎండీ గారి కేసే తీసుకోండి. ఆయన పిలిచినవాళ్ళలో ఫైనాన్స్ మేనేజర్ ఉన్నాడు. ఆ పీఏ ఉన్న రోజుల్లో ఈ మేనేజర్ తన క్యాలెండర్‌కి ఆమెని డెలిగేట్‌గా, అంటే తన తరఫున ఇన్వైట్స్ చూసుకునే మనిషిగా పెట్టుకున్నాడు, అవుట్‌లుక్ ఏం చేస్తదంటే ఆయనకొచ్చే ప్రతి ఇన్వైట్ కాపీని డెలిగేట్‌కి పంపే రూల్ ఒకటి లోపల దాచి పెడతది. ఆమె అకౌంట్ పోయింది, రూల్ పోలేదు. ఇన్వైట్ పంపినోడికి బౌన్స్ (అదే, "డెలివర్ కాలేదు" అని వెనక్కొచ్చే మెయిల్), తప్పున్న మెయిల్‌బాక్స్ ఓనర్‌కి మాత్రం అసలు విషయమే తెలీదు. విచిత్రమేంటంటే ఆ రూల్ మామూలు రూల్స్ లిస్టులో కూడా కనపడదు.

ఇలాంటప్పుడు ముందు అడగాల్సింది "మామూలు మెయిల్స్‌కి వస్తోందా, ఇన్వైట్స్‌కి మాత్రమేనా?" అని. ఇన్వైట్స్‌కే అయితే తొంభై పాళ్ళు డెలిగేటే. మీటింగ్‌కి పిలిచినవాళ్ళకి ఒక్కొక్కరికీ విడిగా టెస్ట్ ఇన్వైట్ పంపండి, ఎవరి దగ్గర బౌన్స్ వస్తే వాళ్ళే. వాళ్ళ అవుట్‌లుక్‌లో డెలిగేట్స్ విండో తెరిచి పాత పేరు తీసేయండి, పేరు అక్కడ లేకపోతే వేరే ఎవర్నైనా డెలిగేట్‌గా పెట్టి మళ్ళీ తీసేయండి, చాలాసార్లు ఆ దెబ్బకి రూల్ కొత్తగా రాసుకుంటది. అప్పటికీ మొండికేస్తే ఎంఎఫ్‌సీమ్యాపీ అనే టూల్‌తో దాచిన రూల్‌ని చేత్తో పీకేయాలి, కానీ అది ఆపరేషన్ థియేటర్ లాంటిది, తెలిసినోళ్ళే చెయ్యాలి.

అపోహ: మెయిల్ వెనక్కొచ్చిందంటే సర్వర్ డౌన్

బౌన్స్‌లో ఉండే నంబర్ చదవండి, ఎవరూ చదవరు. 4తో మొదలైతే తాత్కాలికం, సర్వర్ మళ్ళీ ప్రయత్నిస్తది. 5తో మొదలైతే ఎన్నిసార్లు పంపినా అంతే. 5.1.1, 5.1.10 అంటే ఆ అడ్రస్‌తో మనిషే లేడని. 5.7.520 వస్తే ఎవరో బయటి అడ్రస్‌కి ఆటో ఫార్వర్డ్ పెట్టారు, మైక్రోసాఫ్ట్ 365 దాన్ని ఆపుతోందని. ఇది కనపడితే పాత ఉద్యోగి తన సొంత జీమెయిల్‌కి పెట్టుకున్న ఫార్వర్డింగ్ అయినా కావచ్చు, పాస్‌వర్డ్ కొట్టేసినోడు పెట్టింది అయినా కావచ్చు, కాబట్టి రెండోది కాదని తేల్చుకునే దాకా వదలొద్దు.

అపోహ: మనిషి తిరిగొస్తే పాత అడ్రస్‌తోనే కొత్త అకౌంట్ తీస్తే సరిపోతది

ఇది నన్ను ఒక రోజంతా తిప్పిన కేసు. ఒకావిడ మానేసి కొన్నాళ్ళకి మళ్ళీ చేరారు, అదే పేరు, అదే అడ్రస్. బయట కస్టమర్ల మెయిల్స్ అన్నీ ఆమెకి చక్కగా వస్తున్నాయి, పక్క సీట్లో కూర్చున్న కొలీగ్ పంపితే మాత్రం బౌన్స్! బౌన్స్‌లో అడ్రస్ బదులు ఐఎంసీఈఏఈఎక్స్ అని మొదలయ్యే చాంతాడంత పేరు. ఎక్స్ఛేంజ్‌లో, అంటే అవుట్‌లుక్ వెనకుండే మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్‌లో, లోపలివాళ్ళకి మెయిల్ అడ్రస్ కాకుండా ఇంకో దాచిన అడ్రస్ ఉంటది, అవుట్‌లుక్‌లో పేరు టైప్ చేస్తుంటే కింద వచ్చే ఆటో కంప్లీట్ ఆ పాతదాన్నే గుర్తుపెట్టుకుంటది. కొత్త అకౌంట్‌కి ఆ దాచిన అడ్రస్ మారిపోయింది. ఒకళ్ళిద్దరైతే ఆటో కంప్లీట్‌లో ఆ పేరు పక్కన ఇంటూ కొట్టమనండి. ఆఫీసంతా అయితే ఆ చాంతాడుని ఎక్స్500 అడ్రస్‌గా (ఆ దాచిన అడ్రస్ రకం పేరే అది) కొత్త మెయిల్‌బాక్స్‌కి తగిలించాలి, అండర్‌స్కోర్‌ని స్లాష్‌గా, +20ని స్పేస్‌గా మార్చి, మొదట్లో ఉన్న ఆ ఐఎంసీఈఏఈఎక్స్, చివర్లో @ నుంచి ఉన్నదీ తీసేసి.

అన్నట్టు, డిలీట్ చేసిన అకౌంట్‌ని మైక్రోసాఫ్ట్ 365లో 30 రోజుల్లోపు, గూగుల్ వర్క్‌స్పేస్‌లో 20 రోజుల్లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ లోపే మనసు మార్చుకున్నవాళ్ళకి ఈ తలనొప్పి ఉండదు.

అపోహ: గ్రూప్‌లోంచి తీసేస్తే అయిపోయింది

365లో డిలీట్ అయిన యూజర్ గ్రూప్‌లోంచి తనంతట తనే పోతాడు. మిగిలేది ఎవరంటే కాంటాక్ట్‌గా కలిపిన బయటి అడ్రస్‌లు, ఆడిటర్ పాత అసిస్టెంటో కాంట్రాక్ట్ మీద వచ్చిన కుర్రాడో. ఇంకా ఎవడో ఎప్పుడో టైప్ చేసి పెట్టిన ఫార్వర్డింగ్, మెయిల్ ఫ్లో రూల్‌లో (ఆఫీస్ మెయిల్స్ అన్నిటికీ అడ్మిన్ పెట్టే రూల్) బీసీసీ. అడ్మిన్‌కి కనపడే మెసేజ్ ట్రేస్ అనే రిపోర్ట్ తీస్తే మెయిల్ ఏ గ్రూప్‌లో విడిపోయి ఎటు పోయిందో వరసగా కనపడతది, నేనైతే ఊహించే బదులు ముందు అదే తెరుస్తా.

అపోహ: బౌన్స్ రావట్లేదు, అంటే అంతా బాగుంది

నాకు బౌన్స్ కంటే ఇదే భయం. కొందరు అకౌంట్ డిలీట్ చెయ్యరు, సైన్ ఇన్ మాత్రం బ్లాక్ చేస్తారు. మెయిల్స్ హాయిగా వచ్చి పడుతుంటాయి, చూసే నాథుడు ఉండడు. బాలానగర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో పాత అకౌంటెంట్ మెయిల్ ఇలాగే పడుంది, జీఎస్టీ పోర్టల్‌లో రిజిస్టర్ చేసిన మెయిల్ అదే, మొబైల్ నంబర్ కూడా ఆయనదే, రిటర్న్ వేసే రోజు ఓటీపీ ఎక్కడికి పోతోందో ఎవరికీ తెలీలేదు. మనిషి వెళ్ళే రోజే ఆ మెయిల్‌బాక్స్‌ని షేర్డ్ మెయిల్‌బాక్స్‌గా మార్చి ఇద్దరికి యాక్సెస్ ఇస్తే చాలు, 50 జీబీ దాటకపోతే లైసెన్స్ ఖర్చు కూడా ఉండదు. వచ్చే మెయిల్స్‌ని ఓ రెండు మూడు నెలలు చూస్తే ఏ బ్యాంకు, ఏ వెండరు, ఏ డొమైన్ రిజిస్ట్రారు ఇంకా ఆ అడ్రస్ పట్టుకుని ఉన్నారో లిస్ట్ దానంతట అదే తయారవుతది.

ఆ లిస్ట్‌లోకి రానిది ఒకటుంది, మూలన ఉన్న జిరాక్స్ మెషీన్. స్కాన్ చేసి మెయిల్ పంపే అడ్రస్ బుక్ దాంట్లో విడిగా ఉంటది, మొన్న ఒక ఆఫీసులో తెరిస్తే సగం పేర్లు అక్కడున్న ఎవరికీ గుర్తే లేవు.