ఎస్‌ఎంఏ సిరప్ వెనక కథ: 1999లో దొరికిన ఒక్క అక్షరం

విజయవాడ వాట్సాప్ గ్రూపుల్లో 16 కోట్ల పోస్టరు మళ్ళీ తిరుగుతోంది. పసిబిడ్డ ఫొటో, పక్కన క్యూఆర్ కోడ్, ఒక్క ఇంజెక్షన్ పడితే బిడ్డ నిలబడతాడన్న ఆశ. స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ, అంటే ఎస్‌ఎంఏ వచ్చిన పిల్లల కోసం ఇలా చందాలు అడగడం మనకు కొత్త కాదు. ఈసారి మాత్రం పోస్టరు వెంటే గొడవ కూడా వచ్చింది. సీసా 15,900 రూపాయలకే రిస్‌డిప్లామ్ అనే సిరప్ దొరుకుతుంటే ఇంకా 16 కోట్లు ఎందుకు అడుగుతున్నారని కొందరు నిలదీస్తున్నారు. బిడ్డకు జన్యువే లేదని డాక్టర్లు చెబుతుంటే సిరప్ తాగిస్తే జన్యువు వస్తుందా, లేనివాళ్ళకు చవక మందు అంటగడుతున్నారా అని ఇంకొందరు అంటున్నారు.

మొదటి మాట కన్నవాళ్ళను దోషుల్లా నిలబెడుతోంది. రెండోది పనిచేసే మందు మీద అనుమానం నాటుతోంది. రెండో దానితోనే ఎక్కువ నష్టం. ఈ జబ్బులో కండరాలను కదిలించే నరాల కణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. పోయినవి తిరిగి రావు. అనుమానంతో గడిపే ప్రతి వారం బిడ్డ ఖాతాలోంచే పోతుంది.

సిరప్ తాగితే జన్యువు రాదు, అది నిజమే. కానీ అదే ప్రొటీన్ తయారుచేయగల ఇంకో జన్యువు ఆ బిడ్డ ఒంట్లోనే ఉంది. అది సరిగా ఎందుకు పనిచేయడం లేదో 1999లో తేలింది. ఇవాళ్టి మందులు, ధరలు, కోర్టు కేసులు అన్నీ అక్కడి నుంచి వచ్చినవే.

డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ, దాన్నుంచి ప్రొటీన్ అన్న పాఠం ఇంటర్ బైపీసీ చదివిన ప్రతివాళ్ళకూ తెలుసు. దానికి ఒక్క ముక్క కలిపితే చాలు. మన జన్యువులో సమాచారం ఒకే వరుసగా ఉండదు. ఎక్సాన్లు అనే పనికొచ్చే ముక్కల మధ్య ఇంట్రాన్లు అనే భాగాలు వస్తుంటాయి. కణం ముందు మొత్తం ఆర్‌ఎన్‌ఏగా రాసుకుని, తర్వాత ఇంట్రాన్లను కత్తిరించి ఎక్సాన్లను అతుకుతుంది. ఇదే స్ప్లైసింగ్. 1977లో దీన్ని బయటపెట్టిన ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్‌కు 1993లో నోబెల్ వచ్చింది. ఏ ఎక్సాన్‌ను ఉంచాలి, దేన్ని వదిలేయాలి అన్నది అన్ని చోట్లా ఒకేలా జరగదు. తీసిన ఫుటేజి ఒకటే అయినా ఎడిటింగ్ టేబుల్ మీద ఒక సీను ఉంచితే ఒక సినిమా, లేపేస్తే ఇంకో సినిమా అయినట్టు, ఒకే జన్యువు నుంచి వేరు వేరు ప్రొటీన్లు వస్తాయి. కాల్సిటోనిన్ జన్యువునే తీసుకోండి. థైరాయిడ్ గ్రంథిలో అది కాల్సియానికి సంబంధించిన హార్మోన్ ఇస్తుంది. నరాల్లో అదే జన్యువు సీజీఆర్‌పీ అనే పూర్తిగా వేరే ప్రొటీన్ ఇస్తుంది. మైగ్రేన్‌కు ఇప్పుడు వాడుతున్న కొన్ని కొత్త మందులు ఆ సీజీఆర్‌పీని అడ్డుకునేవే. మనిషిలో ప్రొటీన్ తయారుచేసే జన్యువులు 20 వేల దాకానే ఉన్నా ఒంట్లో అన్ని రకాల ప్రొటీన్లు కనబడటానికి ఇదో ముఖ్య కారణం. ఒకటికి మించి ఎక్సాన్లున్న మన జన్యువుల్లో 95 శాతం దాకా ఇలా రకరకాలుగా అతికేవేనని 2008 నాటి పరిశోధనలు లెక్కగట్టాయి.

ఇక ఎస్‌ఎంఏ. 1995లో పారిస్‌లో జుడిత్ మెల్కి బృందం ఈ జబ్బుకు మూలమైన జన్యువును పట్టుకుంది. పేరు ఎస్‌ఎంఎన్‌1. ఎస్‌ఎంఏ ఉన్న పిల్లల్లో దాదాపు 95 శాతం మందికి తల్లి నుంచి వచ్చిన కాపీలోనూ తండ్రి నుంచి వచ్చిన కాపీలోనూ ఈ జన్యువు లోపించి ఉంటుంది. అయితే దాని పక్కనే, అదే అయిదో క్రోమోజోమ్ మీద, అచ్చం దానిలాంటి ఎస్‌ఎంఎన్‌2 కనబడింది. పిల్లలందరిలోనూ అది ఉంది. జంట జన్యువు చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు జబ్బు ఎందుకు వస్తోంది? నాలుగేళ్ళ పాటు దీనికి జవాబు దొరకలేదు.

1999లో లార్సన్, ఆండ్రోఫీల బృందం, ఉమ్రావ్ మొనాని, ఆర్థర్ బర్ఘెస్‌ల బృందం విడివిడిగా ఒకే చోటికి చేరాయి. ఈ జన్యువుల్లో ఎక్సాన్ 7 అనే ముక్క పొడవు 54 డీఎన్‌ఏ అక్షరాలు (ఏ, సి, జి, టి). అందులో ఆరో అక్షరం ఎస్‌ఎంఎన్‌1లో సి, ఎస్‌ఎంఎన్‌2లో టి. ఇన్నాళ్ళూ దీన్ని ఎవరూ పట్టించుకోకపోవడానికి కారణం ఉంది. అక్కడి మూడక్షరాల మాట టీటీసీ అని ఉన్నా టీటీటీ అని ఉన్నా ప్రొటీన్‌లో చేరేది ఒకటే అమైనో ఆమ్లం, ఫినైల్‌అలనిన్. ప్రొటీన్ వరసలో ఏ మార్పూ లేదు కాబట్టి దీన్ని హానిలేని తేడాగానే చూశారు. కానీ ఆ ఒక్క అక్షరం మారడంతో, కత్తిరించి అతికే యంత్రాంగం చాలాసార్లు ఎక్సాన్ 7ను మొత్తంగా దాటేస్తోంది. ఆ ముక్క లేకుండా తయారైన ప్రొటీన్ నిలవదు, కణం దాన్ని త్వరగా నాశనం చేస్తుంది. ఎస్‌ఎంఎన్‌2 నుంచి సరైన పూర్తి ప్రొటీన్ వచ్చేది సుమారు 10 శాతం మాత్రమే.

ఆ 10 శాతం వల్లే ఆ పిల్లలు పుట్టగలుగుతున్నారు. ఎలుకలకు ఈ జన్యువు ఒకటే ఉంటుంది, దాన్ని తీసేస్తే పిండం దశలోనే చచ్చిపోతాయి. ఎస్‌ఎంఎన్‌2 కాపీలు రెండే ఉన్న పిల్లల్లో జబ్బు సాధారణంగా తీవ్రంగా ఉంటుంది, మూడు నాలుగు ఉంటే తీవ్రత తగ్గుతుంది.

ఇక్కడి నుంచి దారి తెరుచుకుంది. లేని జన్యువును బయటి నుంచి తేవడం ఒక పద్ధతి, 16 కోట్ల జోల్‌జెన్‌స్మా చేసేది అదే. ఉన్న జన్యువు చేత ఎక్సాన్ 7ను వదలకుండా చేయించడం రెండో పద్ధతి. ఆ ముక్క ఎందుకు జారిపోతోందో 2002లో అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో ఏడ్రియన్ క్రైనర్ ఒక వివరణ ఇచ్చారు, మరుసటి ఏడాది కొలంబియా విశ్వవిద్యాలయంలో జేమ్స్ మాన్లీ ఇంకో వివరణ ఇచ్చారు. 2006లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో రవీంద్ర సింగ్, నటాలియా సింగ్, ఆండ్రోఫీ కలిసి అసలైన మీట దొరకబుచ్చుకున్నారు. ఎక్సాన్ 7 దాటగానే ఇంట్రాన్‌లో ఒక చిన్న వరస ఉంది, దాన్ని కప్పేస్తే ఎక్సాన్ 7 నిలుస్తుంది. ఆ వరస మీద అతుక్కునే స్పిన్‌రాజాకు 2016 డిసెంబరులో అమెరికా అనుమతి దొరికింది. ఎస్‌ఎంఏకు అదే మొదటి మందు. కానీ దాన్ని వెన్నులోకి ఇంజెక్షన్‌గా ఇవ్వాలి, నాలుగు నెలలకోసారి, జీవితాంతం.

నోటితో తాగే మందు రిస్‌డిప్లామ్ 2020లో వచ్చింది. చేసే పని అదే, ఎక్సాన్ 7 అంచున స్ప్లైసింగ్ యంత్రాంగం పట్టు జారకుండా చూడటం. దీన్ని తెచ్చిన రోష్, పీటీసీ అనే మందుల కంపెనీలతో పాటు ఎస్‌ఎంఏ ఫౌండేషన్ పేరు కూడా చెప్పాలి. బిడ్డకు జబ్బు ఉందని తెలిసిన ఒక జంట 2003లో పెట్టిన సంస్థ అది. పీటీసీతో కలిసి 2006లోనే పని మొదలుపెట్టింది, రోష్ చేరింది 2011లో. ఫలితాల విషయానికొస్తే, తీవ్రమైన టైప్ 1 ఎస్‌ఎంఏ ఉన్న 41 మంది పసిబిడ్డలకు ఏడాది పాటు ఈ మందు ఇస్తే 12 మంది ఆసరా లేకుండా అయిదు సెకన్లు కూర్చోగలిగారు. మందు లేకపోతే ఆ రకం పిల్లలు ఎప్పటికీ కూర్చోలేరు. 41కి 12 చిన్న సంఖ్యలా కనబడొచ్చు, ఆ ఇళ్ళల్లో అడిగితే దాని విలువ తెలుస్తుంది. ఏ బిడ్డకు ఏది సరైందో వయసు, బరువు, జబ్బు ఎంత ముదిరింది అన్నవి చూసి డాక్టరే చెప్పాలి. సిరలోకి ఎక్కించే జోల్‌జెన్‌స్మాకు అమెరికాలో రెండేళ్ళ లోపు అన్న హద్దు ఉంది. సిరప్‌కు అలాంటి హద్దు లేదు.

ధర గొడవ ఇక్కడిదే. రోష్ సీసా ధర మన దేశంలో సుమారు 6.2 లక్షలు. సీసాలో మందు 60 మిల్లీగ్రాములు. 20 కిలోలు దాటిన పిల్లలకు, పెద్దవాళ్ళకు రోజుకు 5 మిల్లీగ్రాములు కావాలి కాబట్టి సీసా 12 రోజులకు అయిపోతుంది. తన పేటెంట్ 2035 దాకా ఉందని, పరిశోధనకు పెట్టిన ఖర్చు రావాలని రోష్ వాదన. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా ఇదే మందు చేయబోతే రోష్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. రోష్ పాత పేటెంట్ పత్రంలోని అణువుకూ దీనికీ తేడా ఒక కార్బన్ స్థానంలో నైట్రోజన్ రావడమేనని, ఆ రంగంలో పనిచేసేవాళ్ళకు అది తట్టే మార్పేనని నాట్కో చెప్పింది. 2025 మార్చిలో సింగిల్ జడ్జి, అక్టోబరు 9న డివిజన్ బెంచ్ రోష్ అడిగిన స్టే ఇవ్వలేదు. అక్టోబరు 17న సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. నాట్కో 15,900 ఎంఆర్‌పీతో మందు ప్రకటించింది. ఆ సంస్థ వ్యవస్థాపకుడు నన్నపనేని వెంకయ్య చౌదరి గుంటూరు జిల్లా మనిషి. గుంటూరు జీజీహెచ్‌లోని నాట్కో క్యాన్సర్ సెంటర్ ఇక్కడివాళ్ళకు తెలిసిందే.

అరుదైన జబ్బుల జాతీయ విధానం కింద కేంద్రం ఒక్కో రోగికి ఇచ్చే సాయం గరిష్ఠంగా 50 లక్షలు. ఈ విధానం కింద గుర్తింపు పొందిన వాటిలో మనకు దగ్గర్లోని చికిత్సా కేంద్రం హైదరాబాద్‌లో, నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి నడిపేది. కంపెనీ రాయితీలు పక్కన పెట్టి ఎంఆర్‌పీ లెక్క చూస్తే, పాత ధరకు 50 లక్షలతో వచ్చేవి 8 సీసాలు, 96 రోజుల మందు. కొత్త ధరకు వచ్చేవి 314 సీసాలు, పదేళ్ళకు సరిపోతాయి. కోర్టులు ఇచ్చినవి మాత్రం మధ్యంతర ఉత్తర్వులే. పేటెంట్ చెల్లుతుందా లేదా అన్న అసలు దావా తేలాలి.