ముందు ఊపి చూడండి, రంగు తర్వాత: పాత ఫర్నిచర్ గురించి అపోహలు - వాస్తవాలు

పాత సామాను బాగుచేసే పనిలోకి వచ్చిన కొత్తలో ఎవరైనా సలహా అడిగితే రంగుల గురించి గంటలకొద్దీ మాట్లాడేదాన్ని. ఇప్పుడు ఎవరైనా ఒక బల్ల ఫోటో పంపి “దీనికి ఏ రంగు నప్పుతుంది?” అని అడిగితే, “ఒక మూల పట్టుకుని ఊపి చూశారా?” అని ఎదురు ప్రశ్న వేస్తున్నాను. చాలామంది ఊపి ఉండరు. ఫోటోలో అందం కనిపిస్తుంది గానీ కదలిక కనిపించదు కదా. అపార్ట్‌మెంటును సెకండ్‌హ్యాండ్ వస్తువులతో అమర్చుకోవాలనుకునేవాళ్లు నా దగ్గరికి మోసుకొచ్చే కష్టాల్లో చాలావాటికి మూలం ఒక్కటే: చివర చేయాల్సిన పనిని ముందు చేసేశారు. కింద రాసిన అపోహల్లో కొన్నింటిని నేనూ నమ్మి నష్టపోయాను.

అపోహ: ఊగే కుర్చీకి నాలుగు మేకులు, ఒక పూత రంగు చాలు

మేకు కొడితే కుర్చీ వారం రోజులు నిలబడుతుంది. ఆ తర్వాత మేకు చుట్టూ చెక్క చీలుతుంది. అప్పటిదాకా వదులు అతుకు ఒక్కటే సమస్య, ఇప్పుడు విరిగిన కాలు కూడా తోడైంది. నేను మొట్టమొదట బాగుచేసిన కుర్చీకి మేకులు కొట్టలేదు, అంతకన్నా తెలివైన పని చేశాననుకున్నాను. వదులైన అతుకుల్లోకి తెల్ల జిగురు నింపి, బిగించి, ఆరాక చక్కగా రంగు వేశాను. నెల తిరగకుండానే అతిథి ఒకరు కూర్చోగానే వెనక కాలు ఊడి వచ్చింది. కాలి కొసన నా జిగురు పెంకులా గట్టిపడి అలాగే ఉంది. చెక్కను మాత్రం పట్టుకోలేదు.

కారణం తర్వాత తెలిసింది. చెక్క జిగురు చెక్క పోగుల్లోకి ఇంకితేనే పట్టు దొరుకుతుంది. పాత జిగురు పొర అడ్డంగా ఉంటే ఇంకే దారి మూసుకుపోతుంది. అందుకని ఊగే అతుకును భయపడకుండా పూర్తిగా విప్పాలి. పాత జిగురును చెక్క కనిపించేదాకా గీకి తీసేయాలి. ఆ తర్వాతే కొత్త జిగురు. వస్తువు బాగా పాతదైతే అందులో వాడింది జంతువుల చర్మం, ఎముకల నుంచి కాచిన జిగురు అయ్యుండవచ్చు. అదొక అదృష్టమే. గోరువెచ్చని నీటి తడికి అది మెత్తబడి వదిలేస్తుంది. బిగించడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. కుర్చీ కాళ్ల చుట్టూ తాడు కట్టి, తాడు మధ్యలో కర్ర దూర్చి మెలిపెడితే అతుకులన్నీ ఒకేసారి బిగుస్తాయి. అలా ఒక రోజంతా వదిలేయండి. ఈ ఒక్క రోజు ఆగలేకపోవడం వల్ల పాడైన కుర్చీలు నేను చాలా చూశాను.

స్క్రూ రంధ్రం పెద్దదై స్క్రూ ఊరికే తిరుగుతుంటే, జిగురులో ముంచిన పుల్లలు రంధ్రం నిండా దూర్చి, ఆరాక కొసలు కోసేసి మళ్లీ బిగించండి. బీరువా తలుపు బందులు వాలిపోయినప్పుడు నూటికి తొంభైసార్లు నేను చేసేది ఇదే.

ఇక రంగు లోపాలను కప్పుతుందన్న మాట. మరకలనైతే కొంతవరకు కప్పుతుంది. గుంతలను, గీతలను మాత్రం బయటపెడుతుంది. రంగు ఎంత నిగనిగలాడితే అంత. పక్కనుంచి దీపం వెలుగు పడేలా పెట్టి చూస్తే, నున్నగా ఉందనుకున్న పలకలో కొండలూ లోయలూ కనిపిస్తాయి. ఆ పరీక్ష రంగు డబ్బా మూత తీయక ముందే చేయాలి.

అపోహ: చాక్ పెయింట్ వేస్తే గరుకు కాగితంతో పనే లేదు

ఈ మాటలో కొంత నిజముంది కాబట్టే ఇంత పాకింది. బ్రిటన్‌కు చెందిన రంగుల నిపుణురాలు ఆనీ స్లోన్ 1990లో ఈ పేరుతో రంగు తెచ్చినప్పుడు దాని ఆకర్షణే అది: పాత పాలిష్ మీద నేరుగా వేయవచ్చు, మందంగా పట్టుకుంటుంది, సుద్దపూసినట్టు మెరుపు లేకుండా ఆరుతుంది. అయితే రంగు పట్టుకోవాల్సింది చెక్కను, దాని పాలిష్‌ను. చెక్క మీద ఏళ్ల తరబడి పేరుకున్న చేతి జిడ్డును, మైనాన్ని, మెరుపు కోసం కొట్టిన సిలికాన్ స్ప్రేను పట్టుకుంటే ఏం లాభం? సొరుగుల పిడుల చుట్టూ, కుర్చీ చేతుల మీద రంగు ముందుగా రాలేది అందుకే. ముందు సబ్బునీటితో, తర్వాత స్పిరిట్‌తో (పాలిష్ పనికి వాడే ఆల్కహాల్) తుడవండి. అప్పుడు కూడా 180 లేదా 220 నంబరు కాగితంతో (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) ఒకసారి పైపైన రుద్దమనే చెబుతాను. పాలిష్ తీసేయాల్సిన పనిలేదు, మెరుపు పోతే చాలు. పది నిమిషాల పని.

అసలు చిక్కు ఇంకొకటుంది. ముదురు చెక్కతో చేసిన ఒక అలమరాకు ఒకావిడ కోరిక మేరకు తెల్ల రంగు వేశాను. సాయంత్రానికి మల్లెపువ్వులా ఉంది. పొద్దున లేచి చూస్తే అక్కడక్కడ పసుపు, గోధుమ రంగు మరకలు. ఇంకో పూత వేశాను. మళ్లీ వచ్చాయి. మూడో పూతకూ తగ్గలేదు. ఓక్, మహాగని లాంటి చెక్కల్లో టానిన్లనే సహజమైన వగరు పదార్థాలు ఉంటాయి. నీటి ఆధారిత రంగులోని తడికి అవి కరిగి పైకి తేలతాయి. పూతలు పెంచినకొద్దీ తడి పెరుగుతుందే తప్ప మరక ఆగదు. దాన్ని ఆపేది లక్కతో చేసిన ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత. అది స్పిరిట్‌లో కరుగుతుంది కాబట్టి చెక్కకు నీటి తడి తగలనివ్వదు. పాత సొరుగుల్లో ముక్కిన వాసన ఎంతకీ వదలకపోతే లోపలివైపు ఇదే లక్క ఒక పూత వేయండి, వాసన దాని అడుగునే ఉండిపోతుంది.

అపోహ: గట్టి చెక్క అయితేనే కొనాలి, వెనీర్ అంటే మోసం

గట్టి చెక్క అంటే పైనుంచి కిందిదాకా ఒకే చెక్క. వెనీర్ అంటే పల్చటి చెక్క పొరను ఇంకో పలక మీద అతికించడం. ప్రాచీన ఈజిప్టు వడ్రంగులకే తెలిసిన విద్య ఇది. అరుదైన చెక్కను పొదుపుగా వాడటానికి, పలక వంకర పోకుండా ఉండటానికి గొప్ప గొప్ప పనివాళ్లు దాన్ని ఎంచుకున్నారు. గట్టి చెక్కకు దాని తలనొప్పులు దానికున్నాయి. గాలిలో తేమ పెరిగితే పలక అడ్డంగా ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. పొడవు మాత్రం దాదాపు మారదు. ఇది తెలియక బల్ల పైపలకను కింది చట్రానికి నలువైపులా స్క్రూలతో బిగించేస్తే, కదలడానికి చోటు లేక ఏదో ఒక రోజు పలక నిలువునా చీలుతుంది. పాత వడ్రంగులు స్క్రూ రంధ్రాలను కాస్త కోలగా ఎందుకు తొలిచేవారో అడుగునుంచి చూస్తే అర్థమవుతుంది. ‘బలంగా ఉంటుంది’ అనుకుని ఆ రంధ్రాలను పూడ్చి గట్టిగా బిగించకండి.

వెనీరో కాదో తెలుసుకోవడం తేలిక. పలక పైనున్న గీతలు అంచు దాటి పక్కకు కూడా సాగాయా? కొసన చెక్క వలయాల ముక్కలు కనిపిస్తున్నాయా? అయితే గట్టి చెక్కే. గీతలు అంచు దగ్గర తెగిపోయి, పక్కన వేరే పట్టీ అతికించినట్టుంటే వెనీర్. తెలుసుకోవాల్సిన అవసరం ఎందుకంటే, ఈ కాలపు వెనీర్ చాలావరకు అర మిల్లీమీటరు మందమే ఉంటుంది. యంత్రంతో రుద్దితే కొన్ని క్షణాల్లో కింది పలక బయటపడుతుంది. అలా బయటపడిన మచ్చను మళ్లీ చెక్కగా మార్చే ఉపాయం ఏదీ లేదు, రంగు వేసి మూసేయడమే. వెనీర్ మీద ఎప్పుడూ చేత్తోనే రుద్దండి, 180 కన్నా గరుకైన కాగితం వాడకండి.

నేను నిజంగా వెనకాడేది చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకల (పార్టికల్ బోర్డు) దగ్గరే. అవి పొడిగా, చెక్కుచెదరకుండా ఉంటే నిక్షేపంగా వాడుకోవచ్చు. ఒక్కసారి నీళ్లు తాగి అంచు ఉబ్బితే మాత్రం మళ్లీ మామూలు కాదు. కాళ్ల దగ్గర, వెనకవైపు కింది అంచున వేలితో తడిమి చూడండి.

అపోహ: విడదీసి బిగించేవన్నీ నాసిరకమే

ఫర్నిచర్ తయారీదారు మైకేల్ థోనెట్ 1859లో తయారుచేసిన 14వ నంబరు కుర్చీ ఆరు చెక్క ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు, అంతే. ఒక ఘనమీటరు పెట్టెలో ముప్పై ఆరు కుర్చీల విడిభాగాలు పట్టేవి. ఆవిరితో వంచిన ఆ బీచ్ చెక్క కుర్చీలు ఇంకా వాడుకలో ఉన్నాయి. లిఫ్టు, మలుపు మెట్లు ఉన్న భవనంలో ఉండేవాళ్లకు విడదీయగలగడం వరమే. విప్పేముందు ప్రతి ముక్క అడుగున పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి.

అపోహ: బాగుచేయడమంటే పాత పాలిష్ మొత్తం గీకేయడమే

ఈ అపోహ వల్ల పోయినన్ని మంచి వస్తువులు చెదల వల్ల కూడా పోలేదేమో. ముందు ఆ పూత ఏమిటో కనుక్కోండి. కనిపించని మూలలో, దూదికి స్పిరిట్ అద్ది రుద్దండి. జిగటగా మారి దూదికి అంటుకుంటే అది లక్క పాలిష్. దాన్ని గీకనక్కర్లేదు. శుభ్రం చేసి దాని మీదే కొత్త లక్క పూత వేస్తే, పాతది కొంచెం కరిగి కొత్తదానితో కలిసిపోతుంది. స్పిరిట్‌కు చలించక లాకర్ థిన్నర్‌కు మెత్తబడితే లాకర్, అంటే త్వరగా ఆరే ఇంకో రకం మెరుపు పూత. రెండింటికీ లొంగకపోతే వార్నిష్ గానీ పాలీయురేథేన్ గానీ అయ్యుంటుంది.

గ్లాసుల అడుగున పడిన తెల్ల వలయాలను చూసి కొనడం మానుకునేవాళ్లున్నారు. బేరమాడటానికి అంతకన్నా మంచి అవకాశం దొరకదు. తెల్ల మరక అంటే తేమ పాలిష్ పొరలోనే చిక్కుకుందని అర్థం, సాధారణంగా పైపైన రుద్దితే చాలు, పోతుంది. నల్ల మరకైతే నీరు చెక్క దాకా చేరి, ఇనుముతో, టానిన్లతో కలిసిందన్నమాట. దానికి ఆక్సాలిక్ ఆమ్లం కావాలి, చేతులకు తొడుగులు కావాలి, ఓపికా కావాలి.

గీకక తప్పని చోట ఒక జాగ్రత్త. చాలా పాత రంగుల్లో సీసం ఉంటుంది. ఇళ్లలో వాడే రంగుల్లో దాన్ని అమెరికా నిషేధించింది 1978లో. మీ చేతిలో ఉన్న వస్తువుకు ఎప్పుడు, ఎక్కడ రంగు వేశారో మీకు తెలియదు కదా. పాత రంగు పొరలున్నదాన్ని ఇంట్లో పొడిగా రుద్దకండి. పసిపిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

అపోహ: చిన్న రంధ్రాలు కనిపిస్తే పురుగు ఉన్నట్టే

ఆ రంధ్రాలు పురుగు బయటికి వెళ్లిన దారులు. ఎప్పటివో కావచ్చు. కింద నల్ల కాగితం పరిచి చెక్కను తట్టండి, కొన్నాళ్లు కాగితాన్ని అలాగే ఉంచండి. లేత రంగు మెత్తటి పిండి కొత్తగా రాలుతుంటే లోపల ఇంకా తింటున్నాయి. రాలకపోతే రంధ్రాలకు మైనం పూసి వాడుకోండి. నల్లుల సంగతి వేరు. అవి తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి. మెత్తలున్న సోఫా అయితే కుట్ల వెంట, మంచమైతే స్క్రూ రంధ్రాల్లో టార్చిలైటు వేసి వెతకండి. నల్ల చుక్కలు కనిపిస్తే ఎంత చౌకైనా, ఉచితమైనా గడప దాటించకండి.

అపోహ: నూనె సహజమైనది, ప్రమాదం లేదు

అవిసె నూనె పూత చెక్కకు ఇచ్చే వెచ్చదనం నాకూ ఇష్టమే. అయితే అది ఆరేది నీళ్లలా ఆవిరై కాదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి. ఆ క్రమంలో వేడి పుడుతుంది. నూనె పీల్చిన గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, నిప్పురవ్వ అవసరం లేకుండానే గుడ్డ అంటుకుంటుంది. 1991 ఫిబ్రవరిలో అమెరికాలో, ఫిలడెల్ఫియాలోని వన్ మెరీడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం తగలబడింది ఇలాంటి గుడ్డల వల్లే. చెక్క పనికి వాడి 22వ అంతస్తులో వదిలేశారు. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. నేను గుడ్డలను ఒక్కొక్కటిగా విప్పి ఆరుబయట పరిచి ఆరబెడతాను. అలా కుదరకపోతే నీళ్లు నింపిన ఇనప డబ్బాలో వేసి మూత పెడతాను. అపార్ట్‌మెంటులో మన గోడ అవతల ఇంకొకరి పడకగది ఉంటుంది.

అపోహ: ముట్టుకుంటే అంటకపోతే రంగు ఆరినట్టే

అంటకపోవడానికి గంట చాలు. గట్టిపడటానికి నీటి ఆధారిత రంగులకు మూడు, నాలుగు వారాలు పట్టవచ్చు. ఈలోగా పుస్తకాలు పేరిస్తే అవి అతుక్కుపోతాయి, తీసినప్పుడు రంగుతో సహా వస్తాయి.

అపోహ: చౌకగా దొరికితే ఏదైనా లాభమే

గుమ్మం పట్టనిది, ఎత్తు కుదరనిది ఎంత చౌకైనా దండగ. సోఫాకు పొడవు ఒక్కటే కొలిస్తే చాలదు, లిఫ్టు లోపలి ఎత్తు, వరండా మలుపు కూడా కొలవండి. విడివిడిగా కొన్న కుర్చీలు, బల్ల ఒకదానికొకటి పోలికలో కలవకపోయినా ఏమీ కాదు, ఎత్తులో కలవాలి. కూర్చునే చోటుకు, బల్ల పైభాగానికి మధ్య 25 నుంచి 30 సెంటీమీటర్ల తేడా ఉంటే మోచేతులు సుఖంగా ఉంటాయి.

కొన్ని వస్తువులను నేను బేరం కూడా అడగను. వాడిన పరుపు ఒకటి. పక్క కమ్మీ కిందికి జారే పాత పసిపిల్లల మంచం ఇంకొకటి. పిల్లలు ఆ సందులో ఇరుక్కుని చనిపోవడంతో అమెరికా 2011లో ఆ రకం అమ్మకాన్నే నిషేధించింది. ఎత్తైన సొరుగుల బీరువాను మాత్రం కొంటాను. కానీ అమ్మేవాళ్ల ముందే సొరుగులన్నీ ఒకేసారి లాగి చూస్తాను, ముందుకు తూలుతుందేమోనని. వాటిలో చాలావరకు తూలుతాయి. అందుకే అలాంటిది ఇంటికి చేరాక రంగు డబ్బా తెరవకముందే, వెనక పట్టీ వేసి గోడకు బిగించేస్తాను.