మెల్‌బోర్న్ గోలకు మూలం న్యూయార్క్‌లో ఉంది

2025 జనవరి 24, శుక్రవారం. మెల్‌బోర్న్ రాడ్ లేవర్ అరీనాలో ఆస్ట్రేలియన్ ఓపెన్ టెన్నిస్ సెమీఫైనల్. మొదటి సెట్ టైబ్రేక్‌లో జర్మనీ ఆటగాడు జ్వెరెవ్ చేతికి పోగానే సెర్బియా ఆటగాడు జొకోవిచ్ నెట్ దగ్గరికి నడిచి చెయ్యి కలిపేశాడు, ఇక ఆడలేనని. బయటికి వెళ్తుంటే గ్యాలరీలోంచి గోల, ఈలలు. పదిసార్లు కప్పు గెలిచిన చోటే! చివరికి జ్వెరెవే మైకు పట్టుకుని, గాయంతో వెళ్ళేవాణ్ణి గేలి చెయ్యకండి, పొట్ట కండరం, తొడ కండరం చిరిగినా ఇక్కడ టైటిల్ గెలిచినవాడు అని చెప్పాల్సి వచ్చింది. జొకోవిచ్ తన ఎంఆర్ఐ చిత్రాన్ని జనం ముందు పెట్టాడు. 37 ఏళ్ళ మనిషి తన నొప్పికి సాక్ష్యం చూపించుకున్నాడన్నమాట.

2022 నాటి వ్యాక్సిన్ గొడవ, ఆస్ట్రేలియా వీసా రద్దు వల్లే ఇదంతా అంటున్నారు కొందరు. 2020లో తను కొట్టిన బంతి లైన్ జడ్జికి తగిలి యూఎస్ ఓపెన్ నుంచి పంపించేసిన సంగతీ తవ్వి తీస్తున్నారు. కాదనను. కానీ ముడి పడింది అంతకుముందే, 2011 సెప్టెంబర్ 10న, న్యూయార్క్‌లో యూఎస్ ఓపెన్ జరిగే ఆర్థర్ యాష్ స్టేడియంలో అని నా లెక్క.

అదీ సెమీఫైనలే, జొకోవిచ్‌కి ఎదురుగా స్విట్జర్లాండ్ ఆటగాడు ఫెడరర్. ఫెడరర్ మొదటి రెండు సెట్లు గెలిచి, తర్వాతి రెండూ పోగొట్టుకున్నాడు. ఐదో సెట్‌లో 5-3, తన సర్వీస్, 40-15. రెండు మ్యాచ్ పాయింట్లు, అంటే వాటిలో ఒక్కటి గెలిచినా మ్యాచ్ అతనిదే. స్టేడియం మొత్తం ఫెడరర్ వైపే. మొదటి సర్వీస్ బయటివైపుకి, జొకోవిచ్ ఫోర్‌హ్యాండ్‌కి వెళ్ళింది. చెడ్డ సర్వీసేం కాదు. జొకోవిచ్ దాన్ని క్రాస్‌కోర్ట్, అంటే కోర్టుకి ఐమూలగా బాదాడు. ఫెడరర్‌కి అడుగు తీసే టైమ్ కూడా దొరకలేదు. అప్పుడు జొకోవిచ్ రెండు చేతులూ పైకెత్తి గ్యాలరీకేసి చూశాడు, నాకేవీ చప్పట్లు అన్నట్టు. వచ్చాయి. అడిగి తీసుకున్న చప్పట్లు. రెండో మ్యాచ్ పాయింట్‌లో ఫెడరర్ షాట్ నెట్ అంచుకు తగిలి బయట పడింది. అక్కణ్ణుంచి వరసగా నాలుగు గేములూ జొకోవిచ్‌వే, 7-5.

ఆ షాట్ ఆత్మవిశ్వాసమంటే ఫెడరర్ ఒప్పుకోలేదు. వెనకబడ్డప్పుడు కొందరు అలా బాదేస్తారు, నేను అలా ఆడి పెరగలేదు అన్నాడు. అభిమానులు ఆ మాటనే పట్టుకున్నారు. నేనూ ఫెడరర్ పార్టీయే, చాలా ఏళ్ళు అదే అప్పజెప్పాను. జొకోవిచ్ చెప్పింది మాత్రం ఎవరికీ గుర్తులేదు. బయట పడితే మ్యాచ్ పోయేది, తెలిసే రిస్క్ తీసుకున్నాను అన్నాడు. అదృష్టం అనేవాళ్ళు ఏడాది వెనక్కి వెళ్ళాలి. 2010లో, అదే టోర్నీ సెమీస్‌లో, అదే ఫెడరర్ మీద, ఐదో సెట్‌లో రెండు మ్యాచ్ పాయింట్లు కాపాడుకున్నాడు, రెండూ ఫోర్‌హ్యాండ్ విన్నర్లతోనే, అంటే అవతలివాడికి అందని షాట్లతో. ఒకే అదృష్టం రెండేళ్ళు వరసగా వస్తుందా?

మళ్ళీ 40-15 వచ్చింది 2019 వింబుల్డన్ ఫైనల్లో. జూలై 14, అవతల లార్డ్స్‌లో ప్రపంచకప్ ఫైనల్. మనవాళ్ళు సెమీస్‌లోనే ఇంటిదారి పట్టారు కాబట్టి ఏ ఛానల్ పెట్టినా పాపం లేదు. రాత్రి పదకొండు దాటాక కూడా రిమోట్ మీద వేలు ఆగలేదు. ఐదో సెట్‌లో ఫెడరర్ 8-7, తన సర్వీస్, 40-15. ఒక ఫోర్‌హ్యాండ్ బయటికి కొట్టాడు. రెండోదానికి నెట్ దగ్గరికి వస్తే జొకోవిచ్ బంతిని పక్కనుంచి దాటించేశాడు. మొత్తం పాయింట్లు ఫెడరర్‌వి 218, జొకోవిచ్‌వి 204. కప్పు మాత్రం జొకోవిచ్‌కి. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. మెల్‌బోర్న్‌లో గోల చేసినవాళ్ళలో నాలాంటివాళ్ళు లేరని అనుకోను.

జనం అతన్ని అస్సలు దగ్గరికి తియ్యలేదని కాదు. 2021లో, అదే ఆర్థర్ యాష్‌లో, ఏడాదిలో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ గెలవడానికి ఒక్క మ్యాచ్ దూరంలో ఉండి రష్యా ఆటగాడు మెద్వెదెవ్ చేతిలో ఓడిపోతుంటే గ్యాలరీ గొంతెత్తి అతని వైపు నిలిచింది. బ్రేక్‌లో కుర్చీలో కూర్చుని టవల్‌లో మొహం దాచుకుని ఏడ్చాడు. స్కోరు 6-4, 6-4, 6-4.