గుండు చేయిస్తే పాప బాబవుతుందా?

రెండేళ్ళ క్రితం వేసవి సెలవుల్లో మా తమ్ముడి కూతురి మొక్కు తీర్చడానికి ఇంటిల్లిపాదీ తిరుమల కొండకు వెళ్ళాము. పాపకు అప్పటికి నాలుగేళ్ళు. కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించి, స్నానం చేసి, నున్నని గుండుకు గంధం పూయించుకొని బయటికి వచ్చిన ఆ పిల్లను మా అక్క మనవడు, మూడున్నరేళ్ళవాడు, ఎగాదిగా చూసి, చుట్టూ ఒకసారి తిరిగి, ‘పాప మొగబిడ్డయిపోయింది’ అని అందరికీ వినిపించేలా ప్రకటించాడు. పాప ఏడుపు లంకించుకుంది. ‘కాదురా అబ్బయ్యా, చెవులకు కమ్మలు చూడు, ఆడబిడ్డే’ అని మా అమ్మ సర్దిచెప్పబోయింది. వాడు తన చెవి తడుముకున్నాడు. వాడికీ చెవులు కుట్టించారు. రెండు పోగులూ మెరుస్తున్నాయి. ‘గౌను వేసుకుంది కదా’ అని మా మరదలు అందుకుంది. అదీ నిలవలేదు. పుట్టువెంట్రుకలు తీయించడానికి ముందు వాడికి జడ వేసి, పూలు చుట్టి, పట్టులంగా కట్టి స్టూడియోలో తీయించిన ఫోటో వాళ్ళ ఇంటి నడవలో గోడకు వేలాడుతూనే ఉంది మరి.

అక్కడున్న పెద్దవాళ్ళం ఏడుగురం. కమ్మలు, గౌను అని రెండు సాక్ష్యాలు చూపించి రెండింటిలోనూ ఓడిపోయాము కానీ, ఉన్న ఒక్క నిజమైన భేదాన్ని మాత్రం ఎవరమూ నోటివెంట రానివ్వలేదు.

ఆ పిల్లవాడి తీర్పులో తెలివితక్కువతనం ఏమీ లేదు. రెండు మూడేళ్ళ వయసులోనే పిల్లలు తాము ఆడో మగో చెప్పగలుగుతారు. అయితే అది ఎప్పటికీ మారని లక్షణమన్న సంగతి వారికి వెంటనే బోధపడదు. ఈ అవగాహన మెట్లు మెట్లుగా వస్తుందని, ఆరేడేళ్ళకు గాని స్థిరపడదని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ 1966లో ప్రతిపాదించాడు. ‘నువ్వు అమ్మాయిల బట్టలు వేసుకుంటే అమ్మాయివి అయిపోతావా?’ వంటి ప్రశ్నలతో ఈ మెట్లను కొలిచే పద్ధతిని 1975లో స్లేబీ, ఫ్రే అనే పరిశోధకులు రూపొందించారు. అంతకు ముందే 1969లో రీటా డెవ్రీస్ అనే పరిశోధకురాలు ఇంకా చిత్రమైన ప్రయోగం చేసింది. మేనార్డ్ అనే పెంపుడు పిల్లిని పిల్లల ముందు పెట్టి, దాని వెనక భాగం వారికి కనిపిస్తూ ఉండగానే ముఖానికి కుక్క ముసుగు తగిలించింది. మూడేళ్ళ పిల్లలలో చాలామంది అది ఇప్పుడు కుక్కేనన్నారు. ఆరేళ్ళవారికి అది ముసుగు వేసుకున్న పిల్లి అని తెలుసు. కంటికి ఎదురుగా ఉన్న రూపమే చిన్నపిల్లలకు సత్యం. రూపం మారితే వస్తువు మారినట్టే.

ఈ ప్రయోగాన్ని తిరుపతిలో ఏటా మే నెలలో ఊరంతా కలిసి చేస్తుందని నాకు అనిపిస్తుంది. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో పురుషులు మొక్కుబడిగా చీర కట్టి, గాజులు తొడిగి, పూలు ముడుచుకొని వీధుల్లో నడుస్తారు. నిన్నటిదాకా లుంగీలో తిరిగిన మేనమామ పట్టుచీరలో గడప దాటి వస్తుంటే మూడేళ్ళ పిల్ల తల్లి కొంగు వెనక దాక్కుంటుంది. ఏడేళ్ళ పిల్ల మామ గాజులు లెక్కపెడుతుంది. ఒకవైపు ఆడపిల్లలకు గుండ్లు, మరోవైపు మగవాళ్ళకు చీరలు. జుట్టూ బట్టా ఆడామగా భేదానికి ఆధారం కావని బాల్యంలోనే ఇంత బాహాటంగా చూపించే ఊళ్ళు ఎక్కువ ఉండవు. మరి ఆధారమేమిటో మాత్రం మనం చెప్పము.

చెప్పడం వల్ల ఏమవుతుందన్న దానికి కూడా పరిశోధన ఉంది. శాండ్రా బెమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1989లో ప్రచురించిన అధ్యయనంలో, మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలలో జననాంగాల భేదం తెలిసినవారిలో ఎక్కువమంది, బట్టలూ జుట్టూ మార్చినా ఆడపిల్ల ఆడపిల్లే, మగపిల్లవాడు మగపిల్లవాడే అని స్పష్టంగా చెప్పగలిగారు. తెలియనివారిలో అలా చెప్పగలిగినవారు బహు కొద్దిమంది. అంటే ఆరేడేళ్ళ దాకా రాదనుకున్న అవగాహన, సమాచారం అందితే ముందుగానే రావచ్చునన్నమాట. కొరత పిల్లల బుద్ధిలో ఉన్నదానికన్నా పెద్దల మాటలో ఎక్కువ ఉంది.

ఇంతకీ ఆ వయసులో భేదం ఎంత? చాలా తక్కువ. యౌవనారంభానికి ముందు, అంటే ఆడపిల్లలలో సాధారణంగా 8 నుంచి 13 ఏళ్ళ మధ్య, మగపిల్లలలో 9 నుంచి 14 ఏళ్ళ మధ్య మొదలయ్యే మార్పులకు ముందు, ఎత్తులో గాని, గొంతులో గాని, కండబలంలో గాని చెప్పుకోదగ్గ తేడా ఉండదు. బయటికి కనిపించే భేదం జననాంగాలదొక్కటే. మగపిల్లవాడికి పురుషాంగం, దాని కింద తిత్తిలో రెండు వృషణాలు ఉంటాయి. ఆడపిల్లకు మూత్రం వచ్చే ద్వారం ఒకటి, దాని వెనక యోని ద్వారం ఒకటి బయటికి ఉంటాయి. గర్భాశయం, రెండు అండాశయాలు కడుపులోపల ఉంటాయి. ఆడపిల్లకు ‘ఏమీ లేదు’ అనో, ‘ఉన్నది ఊడిపోయింది’ అనో చాలామంది మగపిల్లలు అనుకుంటారు. కొందరు ఆడపిల్లలూ అలాగే దిగులు పడతారు. ఏదో లేకపోవడం కాదు, వేరొకటి ఉండడమని, అందులో కొంత లోపల ఉండడం వల్ల కనిపించదని చెబితే ఆ దిగులు అక్కడితో తీరిపోతుంది. పుట్టిన నాటికే పాప అండాశయాలలో పది లక్షల నుంచి ఇరవై లక్షల దాకా అండాలుగా ఎదగగల కణాలున్న గూళ్ళు ఉంటాయని తెలిస్తే, ‘ఏమీ లేదు’ అన్న మాట ఎంత తప్పో పెద్దవాళ్ళకు కూడా అర్థమవుతుంది.

నిజానికి మొదట ఇద్దరూ ఒకటే. గర్భంలో ఆరో వారం దాకా పిండం ఆడో మగో రూపాన్ని బట్టి చెప్పలేము. అండాశయంగా గాని వృషణంగా గాని మారగల ఒకే రకపు గ్రంథులు, రెండు రకాల నాళాలు, వెలుపల ఒకే రకపు చిన్న మొటిమ ప్రతి పిండంలోనూ ఉంటాయి. తండ్రి నుంచి వై క్రోమోజోము అందినప్పుడు, దాని మీద ఉండే ఎస్‌ఆర్‌వై అనే జన్యువు ఆ గ్రంథులను వృషణాలుగా మలుస్తుంది. ఈ జన్యువును 1990లో లండన్ పరిశోధకులు గుర్తించారు. వృషణాల నుంచి వెలువడే హార్మోన్ల వల్ల ఆ మొటిమ పురుషాంగమవుతుంది, రెండు పక్కల మడతలు కలిసిపోయి వృషణాల తిత్తి అవుతుంది. తిత్తి మధ్యగా కనిపించే సన్నని గీత ఆ కలిసిన చోటి అతుకే. ఆ హార్మోన్లు లేనప్పుడు మడతలు కలవకుండా ఉండిపోతాయి, మొటిమ భగశిశ్నికగా, అంటే ఆడవారి జననాంగాల పైభాగంలో ఉండే చిన్న మొనగా, నిలుస్తుంది. అండాశయాల తయారీకి వేరే జన్యువులు పనిచేస్తాయి. ‘నాన్న పాలివ్వడు కదా, మరి నాన్నకు అవెందుకు?’ అని ఛాతీ చూపించి అడిగే పిల్లలకు ఇదే జవాబు: ఆడామగా తేలకముందే చనుమొనలకు పునాది పడిపోయింది, తరువాత వాటిని తీసేయవలసిన అవసరం శరీరానికి రాలేదు. ఇక, వరసగా ఆడపిల్లలు పుట్టారని కోడలిని సాధించే అత్తగార్లకు చెప్పవలసిన పాఠం కూడా ఇందులోనే ఉంది. వై క్రోమోజోము ఇవ్వగలిగినవాడు ఆమె కొడుకొక్కడే.

చెప్పాలని కూర్చున్న తల్లిదండ్రులకు మొదట ఎదురయ్యే అడ్డంకి శాస్త్రం కాదు, మాట. ఈ అవయవాలకు మన భాషలో ఉన్న అచ్చతెనుగు పేర్లన్నీ బూతులైపోయాయి. సంస్కృతం పేర్లు పదో తరగతి జీవశాస్త్రంలోనూ, వైద్యుల నోటా మిగిలాయి. ఈ రెంటికీ నడుమ ఇళ్ళల్లో వాడేవి ‘బుజ్జి’, ‘ఒంటికి పోసుకునే చోటు’, ‘షేమ్ షేమ్’. చివరిది నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది. ముక్కుకు ముక్కని, మోకాలికి మోకాలని పేరు నేర్పి, ఈ ఒక్క అవయవానికి మాత్రం సిగ్గునే పేరుగా పెట్టాము. పిల్లవాడు వీధిలో అసలు మాటను మొదటిసారి వినేది తిట్టుగానే; పేరుగా తెలియకముందే అది ఆయుధంగా తెలుస్తుంది. పురుషాంగం, యోని అన్న మాటలు పలకడానికి మొదట నోరు తిరగకపోవచ్చు గాని, పిల్లలకు వాటి మీద ఏ బరువూ లేదు. బరువంతా మనదే. తిరుపతికి దగ్గరలోని గుడిమల్లంలో పరశురామేశ్వరుడి లింగాన్ని చెక్కిన శిల్పి, క్రీస్తుకు పూర్వమే అని పండితులు చాలామంది అంచనా వేసే ఆ కాలంలో, అవయవ రూపాన్ని ఏ సంకోచమూ లేకుండా రాతిలో నిలిపాడు; దాన్ని నేటికీ భక్తితో కొలుస్తున్నాము.

మాట ఉండడం మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. పాపకు మూత్రంలో మంట పుడితే ఎక్కడ మంటో చెప్పగలగాలి. ఆడవారిలో మూత్రనాళం పొట్టిది, పెద్దయ్యాక కూడా సుమారు 4 సెంటీమీటర్లే. మలద్వారం దగ్గరి సూక్ష్మక్రిములు మూత్రాశయానికి చేరడం అందుకే సులువు. అందువల్ల ఆడపిల్లకు కడుక్కోవడం ముందు నుంచి వెనక్కి నేర్పాలి. మగపిల్లలలో కూడా, పుట్టినప్పుడు తిత్తిలోకి దిగని వృషణం ఆరు నెలల వయసు దాకా దిగకపోతే వైద్యుడికి చూపించాలి.

ఇంకా బరువైన కారణం మరొకటి ఉంది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలతో మాట్లాడితే, 53 శాతానికి పైగా పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపుకు గురైనట్టు చెప్పారు. వారిలో సగానికి మించి మగపిల్లలే. పోక్సోగా అందరికీ తెలిసిన 2012 నాటి చట్టం ఆడామగా తేడా లేకుండా 18 ఏళ్ళలోపు పిల్లలందరికీ వర్తిస్తుంది. పిల్లల వాంగ్మూలాన్ని వారికి ఇష్టమైన చోట, యూనిఫాం వేసుకోని అధికారి, వీలైనంత వరకు మహిళా అధికారి, నమోదు చేయాలని కూడా చెబుతుంది. అంత జాగ్రత్తగా అడిగినప్పటికీ ‘షేమ్ షేమ్ ముట్టుకున్నాడు’ అన్న మాటకు అర్థం ఎవరు చెప్పాలి? పైగా, పేరే సిగ్గైన చోట జరిగినదాన్ని ఆ పిల్ల తనకు జరిగిన అన్యాయంగా కాక తాను చేసిన తప్పుగా దాచుకుంటుంది. స్నానం చేయించేటప్పుడు అమ్మో అవ్వో, పక్కన అమ్మానాన్నా ఉండగా వైద్యుడో తప్ప అక్కడ ఎవరూ తాకకూడదని, తాకి ‘ఎవరికీ చెప్పవద్దు’ అన్నవారి సంగతి తప్పకుండా చెప్పాలని, మూడేళ్ళ నుంచే చెప్పవచ్చు. సహాయానికి 1098 ఫోను నంబరు పెద్దలకు కూడా నోటికి వచ్చి ఉండాలి.

ఎంత చెప్పాలన్నది అడిగిన ప్రశ్నే నిర్ణయిస్తుంది. తమ్ముడికి నలుగు పెడుతుండగా ‘వాడికి అదేమిటి?’ అని అడిగిన మూడేళ్ళ పిల్లకు ‘పురుషాంగం, మగపిల్లలకు ఉంటుంది, నీకు యోని ఉంది’ అన్న ఒక్క వాక్యం చాలు. ఆమె మళ్ళీ నురగతో ఆడుకోవడానికి వెళ్ళిపోతుంది. తల్లి గుండె దడ తగ్గకముందే పిల్ల ఆ విషయం మరచిపోవడం నేను చూశాను. ఈ ఒక్క వాక్యంలో ఇమడని పిల్లలు కూడా కొందరు పుడతారని, వారి శరీరం అటూ ఇటూ కాకుండా ఉండవచ్చునని ఐదారేళ్ళవారికి తేలికగానే చెప్పవచ్చు. అటువంటి పసిపిల్లలకు అనవసరపు శస్త్రచికిత్సలు చేయరాదని మద్రాసు హైకోర్టు 2019లో ఆదేశించింది కూడా.

కొండ మీద ఆ రోజు వివాదం సాయంత్రం తిరుపతికి దిగి ఇంటికి వచ్చాక తెగింది. నేను ఇద్దరినీ కూర్చోబెట్టి పై వాక్యమే చెప్పాను. మా అమ్మ ‘ఇవేం మాటలే’ అని లోపలికి వెళ్ళిపోయింది గాని తలుపు వెనకే నిలబడి వింది. పాప ఏడుపు మానింది. పిల్లవాడు మాత్రం కాసేపు ఆలోచించి, ‘అయితే జుట్టు వచ్చినా రాకపోయినా పాపేనా?’ అని రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాడు.

ఈ ఏడు జాతరలో మా తమ్ముడు చీర కట్టాడు. పెద్ద జడ, నిండా కనకాంబరాలు. ఐదున్నరేళ్ళ మా మనవడు దాక్కోలేదు. ‘తాత వేషం కట్టినాడు’ అని పక్కింటి చిన్నపిల్లకు తానే చెప్పి, ఆ జడ పట్టుకు లాగి చూసి, ఇంత పొడుగు జుట్టు ఒక్కరోజులో ఎట్లా వచ్చిందని నన్ను అడిగాడు. అది సవరమని, వేరేవాళ్ళ జుట్టుతో చేస్తారని చెప్పాను. వాడు వాకిట్లో తొక్కుడుబిళ్ళ ఆడుతున్న పాప వైపు, ఇప్పుడు భుజాల దాకా పెరిగిన ఆమె జుట్టు వైపు చూసి, ‘అప్పుడు కొండ మీద ఇచ్చినామే, అదా?’ అన్నాడు.