డీథర్మలైజర్ టైమర్లు: అపోహలు - వాస్తవాలు

ఫ్రీ ఫ్లైట్‌లో, అంటే గాల్లో నడిపే నియంత్రణ లేకుండా చిన్న విమాన మోడళ్లను ఎగరేసే క్రీడలో, మోడల్‌ని చేయి వదిలాక దాని దారి దానిదే. దాన్ని కిందికి దించే ఏర్పాటు ఒక్కటే: డీథర్మలైజర్, మా భాషలో డీటీ. అనుకున్న సమయానికి టైమర్ దారాన్ని వదులుతుంది, తోక రెక్క వెనుక అంచు పైకి లేస్తుంది, మోడల్ దిగుతుంది. చెప్పడానికి ఇంతే. కానీ దీని చుట్టూ చెలామణిలో ఉన్న మాటలు ఏటా చాలా మోడళ్లను పొలాల పాలు చేస్తున్నాయి.

అపోహ: కొత్తవాళ్ల మోడల్ రెండు నిమిషాలు కూడా ఎగరదు, దానికి డీటీ ఎందుకు?

థర్మల్‌కి, అంటే పైకి లేచే వేడిగాలికి, ఎగరేసేవాడి అనుభవంతో పనిలేదు. నిశ్చలమైన గాలిలో నిమిషం తిరిగే మోడల్‌ని కూడా మంచి థర్మల్ చుక్కంత చేసి మాయం చేస్తుంది. ఆ థర్మల్ ఉన్నచోటే ఉండదు కూడా, గాలివాలున సాగిపోతుంది. సెకనుకు 5 మీటర్ల గాలి ఉంటే 180 సెకన్లలో మోడల్ 900 మీటర్ల దూరం చేరుతుంది. డీటీ లేకపోతే ఆ లెక్క ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. మొదటి ట్రిమ్మింగ్ ఫ్లైట్‌కి (మోడల్ సరిగ్గా ఎగిరేలా సర్దుకునే ఫ్లైట్‌కి) కూడా డీటీ పెట్టే వదలాలి. చాలామంది మోడల్ పోగొట్టుకునేది పోటీలో కాదు, "ఊరికే ఒకసారి చూద్దాం" అని వదిలినప్పుడే.

అపోహ: తోక లేచిన క్షణంతో ఫ్లైట్ సమయం ముగుస్తుంది.

ముగియదు. మోడల్ నేల తాకేదాకా స్టాప్‌వాచ్ నడుస్తూనే ఉంటుంది. అందుకే 120 సెకన్ల మాక్స్ (ఒక ఫ్లైట్‌కి లెక్కలోకి వచ్చే గరిష్ఠ సమయం) ఉన్న పీ-30 (రబ్బరుతో నడిచే చిన్న మోడళ్లు) లాంటి తరగతుల్లో, ఎత్తు బాగా దొరికే రోజున, కొందరు డీటీని మాక్స్‌కి కాస్త ముందే పెట్టుకుంటారు. మిగతా సెకన్లు దిగేటప్పుడు వచ్చేస్తాయి, నడక తగ్గుతుంది. పైకి లేపే గాలి బలహీనంగా ఉన్న రోజున మాత్రం ఈ తెలివి పనికిరాదు, అప్పుడు మాక్స్ దాటాకే తోక లేవాలి.

అపోహ: మంచి టైమర్ కొంటే సమయం దానంతటదే కచ్చితంగా వస్తుంది.

నాకు ఎక్కువగా వినిపించే ఫిర్యాదు "టైమర్ పాడైంది" అన్నదే. విప్పి చూస్తే టైమర్ బాగానే ఉంటుంది, తప్పు దాని బయట దొరుకుతుంది.

సిలికోన్ చిక్కదనం మీద నడిచే చిన్న టైమర్‌నే తీసుకోండి. దారం చుట్టిన బిళ్లని రబ్బరు బ్యాండు లాగుతుంటే, లోపలి సిలికోన్ దాన్ని అడ్డుకుంటూ నెమ్మదిగా తిరగనిస్తుంది. అంటే వేగాన్ని తేల్చేవి రెండు: ఎంత గట్టిగా లాగుతున్నాం, లోపలి పదార్థం ఎంత చిక్కగా ఉంది. బ్యాండు ఎండకి బలం కోల్పోతే టైమర్ నెమ్మదిస్తుంది. చల్లటి ఉదయాన సిలికోన్ గట్టిపడి ఇంకా నెమ్మదిస్తుంది, మధ్యాహ్నం ఎండలో పలచబడి పరుగెడుతుంది. ఇంట్లో బల్ల మీద కుదిర్చిన సమయం మైదానంలో నిలబడకపోతే అందులో వింతేమీ లేదు. మోడల్‌ని నీడలో ఉంచండి. ఫ్లైట్‌కి ముందు అక్కడే, అదే బ్యాండుతో, స్టాప్‌వాచ్ పట్టుకుని ఒకసారి పూర్తిగా నడిపి చూడండి. మధ్యలో ఆపి "సరిపోతుందిలే" అనుకోవద్దు.

గడియారపు మరలాగా నడిచే టైమర్లకి ఉష్ణోగ్రత బెడద చాలా తక్కువ. కీ ఇచ్చే బొమ్మల్లోంచి తీసిన టోమీ యంత్రాలు ఇందుకే అంత పేరు తెచ్చుకున్నాయి. వాటి శత్రువు దుమ్ము. ఇసుక నేలల్లో దిగే మోడల్‌కైతే టైమర్‌కి మూత పెట్టడం మేలు.

ఇక దారం. సాగే దారం వాడితే తోక కూర్చునే కోణం ఫ్లైట్‌కీ ఫ్లైట్‌కీ మారుతుంది, గ్లైడ్ పాడవుతుంది. అప్పుడు మనం రెక్కనో ముక్కు బరువునో సర్దుతూ కూర్చుంటాం. తోక ప్రతిసారీ అదే గాడిలో, వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. డీటీ పని కిందికి దించడంతో అయిపోలేదు. ఎగురుతున్నంతసేపూ తోకని బిగించి పట్టుకునేది అదే కాబట్టి, ట్రిమ్‌లో అదీ ఒక భాగం.

అపోహ: తోక కొంచెం లేచినా చాలు.

చాలదు. కోణం తక్కువైతే మోడల్ స్టాల్ అయి (రెక్క గాలిలో పట్టు కోల్పోయి), ముక్కు వాల్చి, మళ్లీ లేస్తూ తూగుతుంది, థర్మల్‌లో ఉంటే దిగనే దిగదు. సుమారు 45 డిగ్రీలు లేస్తే గాలి తోకని గట్టిగా కిందికి అణిచి రెక్కని లోతైన స్టాల్‌లో పట్టి ఉంచుతుంది, మోడల్ బల్లపరుపుగా కిందికి జారుతుంది. ఆ కోణాన్ని ఆపే దారం తెగితే తోక పూర్తిగా వెనక్కి తిరిగిపోతుంది, ఆ తర్వాత ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ముడి దగ్గరే తెగుతుంది, అక్కడే చూడండి. అన్నీ సరిగ్గా ఉన్నా, బలమైన థర్మల్ కొన్నిసార్లు డీటీ పడిన మోడల్‌ని కూడా పైనే ఉంచుతుంది.

అపోహ: టైమర్‌కి బదులు, కాలుతూ వచ్చి తోకని విడిపించే వత్తి తేలిక, చవక, దాన్ని మించింది లేదు.

తేలికే. కానీ వత్తి కాలే వేగం గాలిని బట్టి, తేమని బట్టి మారుతుంది. ప్రొపెల్లర్ గాలి తగిలితే ఇంకా తొందరగా కాలుతుంది. వాడితే, మిగిలిన నిప్పు ఆరిపోయేలా లోహపు గొట్టంలో బిగించే వాడాలి. ఎండుగడ్డి ఉన్న మైదానంలో వత్తి వెలిగించేవాళ్ల పక్కన నేను నిలబడను.

అపోహ: కింది నుంచి బటన్ నొక్కి పనిచేయించే రేడియో డీటీ వచ్చాక టైమర్ అనవసరం.

ఎఫ్‌ఏఐ (అంతర్జాతీయ వాయు క్రీడల సమాఖ్య) నియమాలు రేడియోని అనుమతించేది డీటీ, ఇంజిన్ ఆపడం వంటి, తిరిగి మార్చలేని పనులకే. ట్రిమ్మింగ్‌లో అది వరం: మోడల్ తప్పుదారి పడితే వెంటనే దించేయొచ్చు. కానీ బ్యాటరీ అయిపోయినా, మోడల్ సిగ్నల్ అందనంత దూరం పోయినా మీ చేతిలో ఉన్నది ఒట్టి బటనే. అప్పుడు దించేది టైమరే. అనుకోకుండా బటన్ నొక్కుకుపోతే ఆ నష్టమూ పోటీదారుడిదే. 20 సెకన్లలోపు దిగితే మరో ప్రయత్నం దొరుకుతుంది, 25వ సెకనులో దిగితే స్కోరు అదే.